దారాల పెట్టె: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఎంబ్రాయిడరీ దారాలకు గదుల ప్లాస్టిక్ పెట్టె కొనవచ్చా అని హనుమకొండలో నా దగ్గర మగ్గం పని నేర్చుకునే అమ్మాయిలు తరచూ అడుగుతారు. కొనండి, కాకపోతే దాన్ని బీరువాలోనే ఉంచండి. చాలా కాలంగా వాడుతున్నదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

నాది 36 గదులున్న పెట్టె. లచ్ఛిని, అంటే దుకాణంలో దొరికే దారపు కట్టను, విప్పి చిన్న అట్టముక్కకు చుట్టి, అట్ట మీద రంగు నంబరు రాసి ఒక్కో గదిలో పెడతాను. యాంకర్ కంపెనీ నూలు లచ్ఛిలో ఆరు పోగుల దారం 8 మీటర్లు ఉంటుంది. దాన్ని వదులుగా చుట్టాలి. బిగించి చుడితే అట్ట అంచు దగ్గర దారం మడత పడుతుంది, ఆ మడత కుట్టులోనూ కనిపిస్తుంది. నంబరు రాయడం మరీ ముఖ్యం. పువ్వు సగంలో ఉండగా దారం అయిపోతే కంటి అంచనాతో తెచ్చిన ఎరుపు పాత ఎరుపుతో కలవదు. ఒకే నంబరులో కూడా అద్దకం విడతను బట్టి కొద్దిగా తేడా రావచ్చు. అందుకే పెళ్లి జాకెట్టు లాంటి పెద్ద పనికి దారమంతా ఒకేసారి కొంటాను.

మూత ఇప్పటికీ గట్టిగా పడుతోంది. అడ్డుపలకలు మాత్రం వదులయ్యాయి, చిన్న అట్టలు పక్క గదిలోకి జారుతున్నాయి. అది సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది వెలుగు. లోపలి రంగులన్నీ కనిపించే పెట్టె కిటికీ పక్కన ఎంతో అందంగా ఉంటుంది, ఆ అందమే దారానికి చేటు. చుట్టలో పైవరుస వెలిసిపోతుంది, లోపలి వరుస అసలు రంగులోనే ఉంటుంది. కుట్టాక ఒకే ఆకు రెండు రంగుల్లో తేలుతుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో ఈ సంగతి తేలిగ్గా తీసుకోకూడదు.

వానాకాలం బాధ వేరు. గాలాడని ప్లాస్టిక్‌లో తేమ చిక్కితే బూజు పడుతుంది. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు లోపల వేస్తాను. ముసురు తగ్గాక దారాలన్నీ తీసి నీడలో, ఫ్యాను కింద ఆరనిచ్చి మళ్లీ సర్దుతాను.

ఇక ఎంతకాలం మన్నుతుందన్న ప్రశ్న. అది దారాన్ని బట్టి ఉంటుంది. మా అత్తమ్మ పెళ్లికి ముందు కొన్న నూలు లచ్ఛిలు ఒక రేకు డబ్బాలో, ఉతికిన పాత చీర ముక్కలో చుట్టి ఉండేవి. వాటితో నేను ఇప్పటికీ కుడుతున్నాను, నిగారింపు కూడా తగ్గలేదు. ఎంబ్రాయిడరీ నూలును కాస్టిక్ సోడాతో శుద్ధి చేస్తారు, దానివల్ల మెరుపుతో పాటు బలమూ వస్తుంది. చీకటి, పొడి చోటు దొరికితే అది దశాబ్దాలు నిలుస్తుంది. మిషన్ ఎంబ్రాయిడరీకి వాడే రేయాన్ మీద నాకు అంత నమ్మకం లేదు. తడి తగిలితే దాని బలం బాగా తగ్గుతుంది. ఎక్కువ ఉతుకులు పడే బట్టలకు పాలిస్టర్ కండెలే తీసుకుంటాను. పట్టుదారానికి ఎండతో పాటు పురుగు భయమూ ఉంది, దాన్ని విడిగా నూలు సంచిలో పెట్టాలి.

జరీని ఈ పెట్టెలో పెట్టనే పెట్టను. వెండి, రాగి ఉన్న జరీ గాలికీ తేమకూ నల్లబడుతుంది. జరీ కండెలకు రబ్బరు బ్యాండు వేసే అలవాటు చాలామందికి ఉంది, దయచేసి మానేయండి. రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది, పాతబడ్డ బ్యాండు కరిగి దారానికి అంటుకుంటుంది. కలరా ఉండలనూ జరీ దగ్గరికి రానివ్వను. మెత్తటి నూలు గుడ్డలో చుట్టి విడిగా దాచడమే మేలు.

పాత దారం చేతికి వస్తే కుట్టే ముందు రెండు పరీక్షలు చేస్తాను. జానెడు ముక్కను రెండు చేతులతో లాగితే కాస్త బలం పెట్టాకే తెగాలి. ఊరికే పుటుక్కున తెగితే అది చివికిందని అర్థం. తరువాత తడిపిన తెల్లగుడ్డ మీద రుద్ది చూస్తాను. ముదురు ఎరుపు, నీలం రంగు వదిలితే లేత రంగు బట్ట మీదికి దాన్ని తీసుకోను, అది ఎంత ఖరీదైన దారమైనా సరే.

కొత్తగా కొనేవాళ్లు వరంగల్ చౌరస్తా వైపు దుకాణాల్లో ముందు ముదురు రంగు మూత ఉన్న పెట్టె అడగండి. దొరక్కపోతే నాలాగా లోపలి రంగులు కనిపించే పెట్టే తీసుకుని, మూత లోపలి వైపు నల్లటి నూలు గుడ్డ అతికించండి.