అమ్మ మోకాళ్ళను బట్టి ఎంచుకున్న రేవులు

అమ్మానాన్నా కాకినాడ నుంచి వచ్చి నెలన్నర అయింది. సియాటిల్ చుట్టుపక్కల చూపించాల్సినవన్నీ చూపించేశాం. జులై మూడోవారంలో సెలవు పెట్టి, సియాటిల్‌కి ఉత్తరాన ఉన్న అనకార్టెస్‌లో 36 అడుగుల డీజిల్ పడవ అద్దెకు తీసుకుని ఐదు రాత్రులు శాన్ వాన్ దీవులు తిరిగొచ్చాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, అమ్మా, నాన్నా. పెద్దవాళ్ళతో ఈ ట్రిప్పు వేద్దామనుకునేవాళ్ళకి పనికొస్తుందని ఎక్కడ ఏం బాగుందో, ఎక్కడ ఇబ్బంది పడ్డామో రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట మేం నలుగురమే వెళ్ళినప్పుడు రేవుల్ని ఫొటోలు చూసి ఎంచుకున్నాను. ఒకచోట (పేరు వద్దు) ఫోన్ చేసి అడిగితే పడవకి తగిలించుకునే కరెంటు 30 ఆంప్‌ది ఉందన్నారు. తీరా వెళ్తే ఇచ్చిన చోట 50 ఆంప్ సాకెట్. మా కేబుల్ పట్టలేదు, ఆఫీసు అప్పటికే మూసేశారు. రాత్రంతా బ్యాటరీ మీద గడిపితే పొద్దుటికి ఫ్రిజ్ ఆగిపోయి పాలు విరిగిపోయాయి. ఇప్పుడు కరెంటు సంగతి రెండుసార్లు అడిగి, అడాప్టర్ కూడా వెంట పెట్టుకుంటున్నాను. 30 ఆంప్ ఉంటే రైస్ కుక్కర్, కెటిల్ హాయిగా నడుస్తాయి. వాటితోపాటు హీటర్ కూడా వేస్తే మాత్రం బ్రేకర్ పడిపోయి కరెంటు పోతుంది.

మొదటి మజిలీ ఫ్రైడే హార్బర్. అనకార్టెస్ నుంచి రొజారియో జలసంధి దాటి, థాచర్ పాస్‌లోంచి (దీవుల మధ్య ఇరుకు దారి) వెళ్తే మా పడవ వేగానికి రెండున్నర గంటలు. డిసెప్షన్ పాస్ వంతెన కింద నుంచి వెళ్దామని పిల్లలు గోల చేశారు. అక్కడ ప్రవాహం 8 నాట్ల (గంటకు దాదాపు 15 కిలోమీటర్ల) దాకా పోతుంది, మా పడవ పరిగెత్తేదే 8 నాట్లు. నీళ్ళు నిలకడగా ఉండే కాసేపట్లోనే దాటాలి. పెద్దవాళ్ళని పెట్టుకుని ఆ సాహసం చేయదలుచుకోలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి పడవ కట్టేశాం. అసలు సమస్య అప్పుడే ఎదురైంది. మెరీనాలో పడవలు కట్టే డాక్‌లు నీళ్ళమీద తేలుతూ పోటుతో లేస్తాయి, పాటుతో (నీళ్ళు వెనక్కి తీసినప్పుడు) దిగుతాయి. ఒడ్డు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఈ రెంటినీ కలిపే ర్యాంపు పోటుమీద దాదాపు చదునుగా ఉంటుంది, పాటుమీద నిటారుగా లేస్తుంది. ఇక్కడ ఒక్క రోజులోనే పది అడుగులకు పైగా తేడా వచ్చే రోజులున్నాయి. పైగా ఎండాకాలంలో బాగా లోతుకు తీసే పాటు సరిగ్గా పట్టపగలే వస్తుంది. అమ్మ ర్యాంపు మొదట్లో కడ్డీ పట్టుకుని నిలబడి పైకి చూసింది. "ఒరేయ్, ఇది నిచ్చెనలా ఉందేంటిరా" అంది. మోకాళ్ళ నొప్పులు మొదలై నాలుగేళ్ళయింది ఆవిడకి.

నాన్న జగన్నాథపురం ఉప్పుటేరు పక్కన పెరిగిన మనిషి. స్తంభానికి పట్టిన నాచు గీత చూసి, "పాటు బాగా తీసేసిందిరా. సాయంత్రం పోటెక్కాక దిగుతుందిలే మీ అమ్మ" అన్నాడు. అంతే, సాయంత్రం ఏడున్నరకి అమ్మ అదే ర్యాంపు మీద మా ఆవిడ చెయ్యి పట్టుకుని మామూలు రోడ్డు మీద నడిచినట్టు నడిచింది. తొమ్మిదింటిదాకా వెలుతురుంటుంది కాబట్టి ఊరు చూడ్డానికి తొందర పడలేదు. ఆ రాత్రే కూర్చుని మిగతా రోజులకి టైడ్ పట్టిక రాసుకున్నాం. ఎక్కడ ఎన్నింటికి ఒడ్డెక్కాలో దాన్నిబట్టే నిర్ణయించాం.

ఇక్కడ రెండు రాత్రులున్నాం, పెద్దవాళ్ళతో వెళ్తే నా మొదటి ఓటు దీనికే. ర్యాంపు ఎక్కితే ఊరే. సరుకుల కొట్టు, వేల్ మ్యూజియం నడిచేంత దూరం. అన్నిటికంటే అమ్మకి నచ్చింది మాత్రం డాక్ మీదే తేలుతూ ఉండే చేపల దుకాణం. ర్యాంపు ఎక్కే పనే లేదు. రెండోరోజు పొద్దున్న అత్తాకోడళ్ళిద్దరూ వెళ్ళి రొయ్యలు తెచ్చి ఇగురు పెట్టారు. పక్క పడవాయన వాసనకి తల బయటపెట్టి పలకరించాడు, ఓ గిన్నెలో పంపించాం. ఫెర్రీ రేవు ఆనుకునే ఉంటుంది కనుక అలల ఊపు తప్పదు. బుక్ చేసేటప్పుడే లోపలి వరసలో చోటు అడగండి.

రోష్ హార్బర్ అందంలో దీన్ని మించిపోతుంది, అద్దెలోనూ అంతే. 1886 నాటి తెల్ల హోటల్, గులాబీ తోట, పాత సున్నపు బట్టీలు. నాన్న ఆ బట్టీల ముందు చాలాసేపు నిలబడ్డాడు, సున్నం ఎలా కాలుస్తారో పిల్లలకి చెప్పాడు. సూర్యాస్తమయానికి ఫిరంగి పేల్చి, సంగీతంతో జెండాలు దించే తంతు తప్పకుండా చూడాల్సిందే. అయితే డాక్‌లు చాలా పొడుగు. మాకు చివర చోటిచ్చారు, అమ్మ మధ్యలో రెండుసార్లు కూర్చోవాల్సొచ్చింది. మోకాళ్ళ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది, ఆ తప్పు నాదే. ఇంకో పెద్ద సౌకర్యం, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసే పడవ మన దగ్గరికే వస్తుంది. 2018 నుంచి ఈ నీళ్ళలో టాయిలెట్ మురుగు వదలడం నిషేధం. ఆరుగురుంటే ట్యాంకు మూడోరోజుకే నిండుతుంది.

స్టూవర్ట్ దీవిలోని రీడ్ హార్బర్‌లో కరెంటు లేదు, కొట్లు లేవు, చెత్త వేసే చోటూ లేదు. సన్నగా పొడుగ్గా ఉన్న ఆ పాయలో నీళ్ళు మాత్రం పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉంటాయి. బోయాకి (నీళ్ళలో కదలకుండా కట్టి ఉంచిన తేలే బుంగ) పడవ కట్టుకున్నాం. చిన్న పడవలోకి దిగడం అమ్మ వల్ల కాలేదు, మా ఆవిడ తోడుగా ఉండిపోయింది. మేం నలుగురం 1893 నాటి టర్న్ పాయింట్ లైట్‌హౌస్ దాకా నడిచొచ్చాం. దారిలో పాత బడి దగ్గర పెట్టెలో టీషర్టులుంటాయి, అమ్మేవాళ్ళెవరూ ఉండరు. నచ్చింది తీసుకుని డబ్బు తర్వాత పంపడమే. పిల్లలు చెరొకటి తీసుకున్నారు. తిరిగొచ్చేసరికి అమ్మ వెనక డెక్కు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. "ఇంత నిశ్శబ్దం ఎప్పుడు విన్నానో గుర్తులేదురా" అంది. ఆ మాట విన్నా, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళతో ఇక్కడ ఒక్క రాత్రికి మించి వద్దనే చెబుతాను.

సూషా దీవి పిల్లల కోసం. 2012లో ఇక్కడ దొరికిన ఎముక వాషింగ్టన్ రాష్ట్రంలో బయటపడ్డ మొదటి డైనోసార్ శిలాజం. మా చిన్నవాడు ఒడ్డున ప్రతి రాయీ తిప్పి చూశాడు. శిలాజాలు ఏరుకోవడం మాత్రం కుదరదు. ఫాసిల్ బే డాక్‌కి బుకింగ్ లేదు, ముందొచ్చినవాళ్ళదే. రాత్రి ఉన్నవాళ్ళు కదిలే వేళకి, పదిన్నరకల్లా చేరుకున్నాం, చోటు దొరికింది. పోటు కూడా కలిసొచ్చి అమ్మ ర్యాంపు ఎక్కి బల్ల దగ్గర పులిహోర వడ్డించింది.

తిమింగలాలు పడవలోంచే కనిపిస్తాయని ఆశపడకండి. 2025 జనవరి నుంచి ఇక్కడి దక్షిణ గుంపు ఓర్కాలకి (కిల్లర్ వేల్స్) పడవలు కనీసం 1000 గజాల దూరంలో ఉండాలని చట్టం. ఫ్రైడే హార్బర్ నుంచి కారులో లైమ్ కిల్న్ పార్కుకి వెళ్ళి ఒడ్డునుంచి చూడడం మేలు. మాకు ఆ రోజు కనిపించలేదు. నడిపేవాళ్ళు 1955 జనవరి 1 తర్వాత పుట్టి ఉంటే 15 హార్స్‌పవర్, అంతకు మించిన పడవలకి బోటర్ కార్డు కావాలి, బయల్దేరే ముందే తీసుకోండి.

చివరిరోజు రొజారియో జలసంధిలో గాలి లేవకముందే దాటాలని ఆరింటికే కట్లు విప్పాం. తొమ్మిదింటికి అనకార్టెస్‌లో డీజిల్ నింపి పడవ అప్పగించాం. పోటు నిండుగా ఉంది. స్టూవర్ట్, సూషా దీవుల్లో పోగుచేసిన చెత్త సంచి ఒకటి పట్టుకుని అమ్మ అందరికంటే ముందు ర్యాంపు ఎక్కేసింది.