తిరుపతిలో అద్దె క్యాంపర్ వ్యాన్: అరవై దాటిన దంపతులకు పనికొస్తుందా?

ముందే తేల్చి చెప్పేస్తాం. పడకలు, పొయ్యి, బాత్రూం లోపలే ఉన్న ఈ వ్యాన్ చుట్టాల ఊళ్లు చుట్టి రావడానికి చాలా బాగా పనికొస్తుంది. తిరుమల కొండ ఎక్కించడానికి పనికిరాదు. ఇలాంటి బండ్లవాళ్లంతా ఒకచోట కూడే క్యాంపర్ల మీట్‌కు తీసుకెళ్లాలనుకుంటే మాత్రం కొన్ని ప్రశ్నలు అడిగాకే అడ్వాన్స్ ఇవ్వాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి, అక్కడ ఆర్‌వీలో, అంటే ఇల్లులాంటి బండిలో తిరిగొచ్చిన పెద్దవాళ్లు తిరుపతిలోనూ చిత్తూరులోనూ చాలామందే ఉన్నారు. ఇక్కడా అలాంటి బండి అద్దెకిస్తున్నారని తెలిసి సంబరపడతారు. అక్కడి చాలా క్యాంప్‌గ్రౌండ్లలో నీళ్ల కుళాయి, కరెంటు, మురుగు గొట్టం మూడూ బండి పక్కదాకా వస్తాయి. ఇక్కడ ఆ మూడూ మనమే వెతుక్కోవాలి. అందుకే టీవీ, రంగు లైట్లు, సోఫా కుట్లు ఎలా ఉన్నాయన్నది ఇక్కడ రాయడం లేదు. దంపతులకు ప్రయాణం సుఖంగా సాగాలా, మూడో రోజుకే ఇంటికి తిరిగి రావాలా అన్నది తేల్చేవి బాత్రూం, ప్లగ్గు, మెట్టు.

బండి ఫోర్స్ ట్రావెలర్ మీద కట్టిన బాడీ. డీజిల్ లీటరుకు 9 నుంచి 11 కిలోమీటర్లు ఇస్తుంది. ఏసీ, సోలార్ ప్యానెళ్లతో కలిపి ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. ఈ అంకెను కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అతికించుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి బండి పట్టదు. పెళ్లింటి ముందు వేసిన షామియానా, సందులో వేలాడే కేబుల్ వైర్లు సరిగ్గా ఆ ఎత్తులోనే తగులుతాయి. వాన పడితే తిరుపతి వెస్ట్ చర్చి అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలుస్తాయి కాబట్టి అటు పోవద్దు. ఊరు దాటడానికి శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఎక్కడమే నయం.

లోపల రెండు పడకలు చెరో పక్కన పొడవుగా ఉన్నాయి, మధ్యలో నడవడానికి దారి. ఈ ఒక్క అమరిక కోసమే ఈ బండిని మెచ్చుకోవచ్చు. అద్దె వ్యాన్లలో ఎక్కువ వాటికి వెనక అడ్డంగా ఒకే పెద్ద మంచం ఉంటుంది. రాత్రి లేవాలంటే గోడ పక్క పడుకున్నవాళ్లు ఇవతలివాళ్లను దాటి దిగాలి. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది నరకం. పగలు సోఫాలా ఉండి రాత్రి పడకగా మారే రకం కూడా వద్దు. రోజూ బల్ల దించి, పరుపు ముక్కలు పేర్చే ఓపిక మూడో రోజుకు ఉండదు. మెట్టు దగ్గర మాత్రం బాడీ కట్టినవాళ్లు చూసుకోలేదు. నేల నుంచి మొదటి మెట్టు పదహారు అంగుళాలకు పైనే ఉంది, పట్టుకోవడానికి పిడి ఒక వైపే ఉంది. ప్లాస్టిక్ స్టూలు వేసుకుని ఎక్కకండి, మట్టి నేల మీద అది ఒరుగుతుంది. కాళ్లకు రబ్బరు తొడుగులున్న ఇనుప మడత మెట్టు అడిగి వేయించుకోండి.

ఇక టాయిలెట్. బండిలో ఉన్నది క్యాసెట్ రకం, అంటే కిందున్న డబ్బాను బయటికి లాగి ఒంపుకునేది. 18 లీటర్లు పడుతుంది. ఇద్దరికి మూడు రోజులు వస్తుందని అద్దెకిచ్చేవాళ్లు చెబుతారు. కాగితం వాడేవాళ్లకు ఆ లెక్క సరే. మనం నీళ్లతో కడుక్కుంటాం కాబట్టి ఇద్దరికి రోజుకు దాదాపు పది లీటర్లు చేరుతుంది, అంటే రెండో రోజు సాయంత్రానికే నిండిందని ఎర్ర లైటు వెలుగుతుంది. జెట్ పైపు బదులు చిన్న మగ్గు పెట్టుకుంటే ఇంకో పూట కలిసొస్తుంది.

నిండిన క్యాసెట్ ఇరవై కిలోలకు పైనే తూగుతుంది. దానికి చక్రాలు, లాగే పిడి ఉన్నాయో లేదో బండి తీసుకునే రోజే చూడండి. ఒలికించేటప్పుడు మూతి గొట్టాన్ని పక్కకు తిప్పి, పైనున్న గాలి బటన్‌ను బొటనవేలితో నొక్కి ఉంచాలి. నొక్కకపోతే గాలి లోపలికి పోలేక బుడబుడమని తన్నుకొచ్చి బట్టల మీద చిందుతుంది. చుట్టాల ఇంట్లో వెస్ట్రన్ కమోడ్ కంటే ఇండియన్ బేసిన్‌లో ఒంపడం తేలిక, ఎత్తు తక్కువ. ఆ తర్వాత రెండు లీటర్ల నీళ్లు పోసి కుదిపి మళ్లీ ఒంపాలి. మందు ఎంజైమ్ రకమే కొనండి. ఫార్మాల్డిహైడ్ ఉన్న నీలం మందు సెప్టిక్ ట్యాంకులోని బ్యాక్టీరియాను చంపేస్తుంది, వియ్యంకుల ఇంట్లో ట్యాంకు చెడగొట్టిన పేరు మనకెందుకు? జారుడు మూత బిగుసుకుంటే బలం ఉపయోగించకండి. రబ్బరు అంచుకు సిలికాన్ గ్రీజు కొద్దిగా రాస్తే చాలు. కొబ్బరినూనె, వ్యాజలీన్ రాస్తే రబ్బరు ఉబ్బి కారడం మొదలవుతుంది.

మంచినీళ్ల ట్యాంకు 100 లీటర్లు. పొదుపుగా రెండు పూటల స్నానం, గిన్నెలు, ముఖం కడగడం అన్నీ కలిపి ఇద్దరికి ఒకటిన్నర రోజు వస్తుంది. మా వైపు బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. షవర్ రంధ్రాలు మూసుకుపోతాయి, పంపు ముందున్న జాలీలో తెల్లటి పొర పేరుకుంటుంది. పంపు ఆగకుండా గుర్రుమంటూ నీళ్లు సన్నగా వస్తుంటే ముందు ఆ జాలీ విప్పి కడగండి. తొంభై పాళ్లు తప్పు అక్కడే ఉంటుంది.

స్నానం నీళ్లు పోకుండా పాదాల దగ్గర నిలిస్తే అది డ్రైన్ తప్పు కాదు, బండి వాలు తప్పు. ఈ వ్యాన్‌లో డ్రైన్ జాలీ వెనక ఎడమ మూలన ఉంది కాబట్టి ముందు చక్రాల కింద ఒక చెక్క పలక వేస్తే నీళ్లు వాటంతట అవే వెళ్లిపోతాయి. తలగడలు కూడా ముందు వైపే పెట్టుకోండి, తల పల్లానికి ఉంటే తెల్లారేసరికి తలనొప్పి ఖాయం.

కరెంటు సంగతి కొంచెం లెక్కతో చూడాలి. 12.8 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ అంటే 2.56 యూనిట్లు. ఇన్వర్టర్ తినేది పోగా సుమారు 2.3 చేతికొస్తుంది. చిన్న కంప్రెసర్ ఫ్రిజ్ ఎండాకాలంలో రోజుకు 0.6 యూనిట్ దాకా లాగుతుంది. రెండు ఫ్యాన్లు రాత్రంతా తిరిగితే అర యూనిట్, నిద్రలో ఊపిరి ఆగకుండా వాడే సీపాప్ మిషన్ తేమ మోడ్ లేకుండా 0.3, లైట్లు, ఫోన్లు 0.2. మొత్తం 1.6. అంటే ఫ్యాన్లతో రాత్రి నిశ్చింతగా గడుస్తుంది. ఏసీ వేస్తే గంటకు ఒక యూనిట్ పైనే, రెండు గంటలకు బ్యాటరీ ఖాళీ. తిరుపతి గంగజాతర మే నెలలో, ఎండ మండిపోయే రోజుల్లో వస్తుంది. ఆ రోజుల్లో చుట్టాల ఇంటికి వెళ్తే రాత్రి ప్లగ్గు తప్పనిసరి. పైనున్న 400 వాట్ల సోలార్ రోజుకు 1.2 నుంచి 1.4 యూనిట్ ఇస్తుంది, అదీ దుమ్ము తుడిస్తేనే. చెట్టు నీడలో ఆపితే చల్లగా ఉంటుంది కానీ సోలార్ పడుకుంటుంది. మూడు గంటల డ్రైవింగ్‌లో ఇంజిన్ నుంచి మరో యూనిట్ ఎక్కుతుంది. బ్యాటరీ ట్యూబులర్ రకమైతే, రాసి ఉన్న అంకెలో సగమే నమ్మండి.

ఇంట్లో ప్లగ్గు పెట్టేటప్పుడు వరండాలోని 6 ఆంప్స్ పాయింటు వాడొద్దు, ఏసీ కంప్రెసర్ స్టార్ట్ అయిన క్షణంలో ఎమ్‌సీబీ ట్రిప్ అవుతుంది. గీజరు పాయింటో ఏసీ పాయింటో అడగండి. అది 16 ఆంప్స్, 230 వోల్టుల మీద 3,680 వాట్లు. అమెరికాలో 30 ఆంప్స్ అంటే విని పెద్దదనుకుంటాం కానీ అక్కడ వోల్టేజి 120 కాబట్టి అది 3,600 వాట్లే. ఎక్స్‌టెన్షన్ వైరు మూడు కోర్ల రాగిది, 2.5 చదరపు మిల్లీమీటర్ల మందం ఉండాలి. రీలుకు చుట్టి ఉన్న వైరును మొత్తం విప్పి పరవండి. చుట్టలోనే ఏసీ నడిపితే వేడెక్కి ఇన్సులేషన్ కరుగుతుంది. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉన్నా వెనక ఎర్త్ వైరు ఉండదు. ప్లగ్గులో పెట్టే చిన్న టెస్టర్‌తో చూసుకోవాలి. ఎర్త్ లేని ప్లగ్గు మీద వ్యాన్ నడపకండి. ఒక్క వైరు ఊడినా బండి బాడీ మొత్తానికి కరెంటు పాకుతుంది, తడి కాళ్లతో మెట్టెక్కేది మనవలే. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ వ్యాన్‌లో ఉందా, టెస్ట్ బటన్ నొక్కితే పడుతోందా అన్నది బండి అప్పగించే మనిషి ముందే చూడండి.

వంటకు ఇండక్షన్ ఉంది, 5 కిలోల గ్యాస్ సిలిండర్ కూడా ఇస్తారు. గ్యాస్ గాలికంటే బరువు, కారితే నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి సిలిండర్ గది అడుగున బయటికి రంధ్రం ఉండాలి, దాని మీద ఎవరైనా మ్యాట్ కప్పారేమో వంగి చూడాలి. గొట్టం మీద ఐఎస్ఐ గుర్తు, తయారీ ఏడాది చూసి, సబ్బు నురగ రాసి పరీక్షించండి. రాగి సంగటి కెలకడానికి ఈ పొయ్యి దగ్గర చోటు చాలదు, గిన్నె గట్టిగా పట్టుకోవడానికి ఆనుకునే ఎత్తూ లేదు. అన్నం, చారు, ఉప్మా హాయిగా అవుతాయి. తిరగబాత మాత్రం తలుపు తీసి, పైన ఫ్యాను వేసి పెట్టండి. మిరపకాయ ఘాటు పరుపులకు పట్టిందంటే రెండు రోజులు పోదు.

కాగితాల్లో చూడాల్సింది నంబర్ ప్లేటు. డ్రైవర్‌తో ఇస్తే పసుపు ప్లేటు మీద నల్లక్షరాలు, మీరే నడిపితే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు బండిని అద్దెకిస్తే, ప్రమాదం జరిగినప్పుడు బీమా చేతికి రాకపోవచ్చు. చిత్తూరు నుంచి అటు కర్ణాటక, ఇటు తమిళనాడు గంటల్లోనే వస్తాయి కాబట్టి ఆల్ ఇండియా టూరిస్ట్ పర్మిట్ కాపీ ముందే వాట్సాప్‌లో తెప్పించుకోండి. డ్రైవర్ రాత్రి ఎక్కడ పడుకుంటాడన్నది బుకింగ్‌లోనే తేల్చాలి. సీటులో ఒరిగి పడుకున్న మనిషి చేత మర్నాడు ఘాట్ నడిపించడం అన్యాయం, ప్రమాదం కూడా. ఊళ్లో లాడ్జి గది ఖర్చు మనమే పెట్టుకోవడం సబబు.

తిరుపతి నుంచి గాదంకి టోల్ మీదుగా కాణిపాకం, చిత్తూరు, అక్కణ్నుంచి పలమనేరు, ముళబాగిలు, కోలారు దాటి బెంగళూరు. ఈ దారి ఈ బండికి బాగా సరిపోతుంది. వినాయక చవితితో మొదలయ్యే బ్రహ్మోత్సవాల రోజుల్లో కాణిపాకంలో ఇంత పెద్ద బండికి చోటు దొరకదు, చిత్తూరులో చుట్టాల ఇంటి దగ్గర ఆపి ఆటోలో వెళ్లండి. బెంగళూరు నుంచి తిరిగొస్తూ పలమనేరు దాటాక మొగిలి ఘాట్ దిగాలి. మూడో గేరులో, ఇంజిన్ పట్టు మీద దిగాలి. బ్రేకు మీద కాలు ఆన్చి ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పెడల్ మెత్తబడుతుంది. ప్రయాణంలో నీళ్లు పావు ట్యాంకు చాలు, మిగతాది చేరాక పట్టుకోవచ్చు. అల్మారాల గొళ్లాలు ప్రతిసారీ చేత్తో లాగి చూడండి. వంపుల్లో ఊడి పడేది సాధారణంగా స్టీలు డబ్బాల అర.

తిరుమలకు ఈ వ్యాన్‌లో వెళ్లొద్దని ఎందుకంటున్నామంటే, అలిపిరిలో సామానంతా దించి తనిఖీ చేయించుకోవాలి. పడకల కింద, అల్మారాల్లో సర్దినదంతా దించి మళ్లీ ఎక్కించడం పెద్దవాళ్ల వల్ల కాదు. మాంసం, గుడ్లు, మద్యం, సిగరెట్లు కొండ మీదికి నిషేధం కాబట్టి ఫ్రిజ్ కూడా ఖాళీ చేయాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ కూడా తప్పనిసరి. బండి కింద ఆపి ఆర్టీసీ బస్సెక్కండి.

క్యాంపర్ల మీట్ మాట. అమెరికాలో మోటర్ కోచ్ యజమానుల సంఘం 1963లోనే పుట్టింది, అక్కడి ర్యాలీల్లో చాలాచోట్ల బండికి కరెంటు కనెక్షన్ దొరుకుతుంది. ఇక్కడి మీట్‌లో ఒకే జనరేటర్ నుంచి అందరికీ వైర్లు లాగుతారు. మీ బండికి విడిగా ఎమ్‌సీబీ ఉందా, ఎన్ని ఆంప్స్ అని నిర్వాహకుల్ని అడగండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్ద నిబంధనలు ఉంటాయి కాబట్టి జనరేటర్ ఆగుతుంది, ఏసీ కూడా ఆగుతుంది. క్యాసెట్ ఒంపడానికి టాయిలెట్ ఉందా, నీళ్ల ట్యాంకర్ వస్తుందా అన్నవి మిగతా రెండు ప్రశ్నలు. రెండింటికీ జవాబు స్పష్టంగా రాకపోతే ఒక్క రాత్రే ఉండేలా వెళ్లండి. ట్రావెలర్‌కు వెనక చక్రాలే తోస్తాయి. వాన పడ్డ ఎర్రమట్టిలో గడ్డి మీద ఆపితే అక్కడే తిరుగుతూ గుంట తవ్వుకుంటాయి. చేరగానే ముఖం దారి వైపు తిప్పి, వెనక చక్రాలు గట్టి నేల మీద ఉండేలా పెట్టండి. పక్కన విప్పే పందిరి గుడ్డను రాత్రి పడుకునే ముందు తప్పనిసరిగా చుట్టేయాలి. చిన్న గాలికే దాని చేతులు వంగుతాయి, డిపాజిట్‌లో అన్నిటికంటే ఎక్కువ కోత పడేది దానికే.

డిపాజిట్ విషయంలో ఈ సేవకు మార్కులు తగ్గించాలి. ఏది పాడైతే ఎంత అన్న పట్టిక ఇవ్వరు, అడిగితే నోటిమాట చెబుతారు. బండి తీసుకునేటప్పుడే పందిరి చేతులు, క్యాసెట్ మూత, బాత్రూం తలుపు అంచు, నాలుగు టైర్లు, స్టెప్నీ, కిలోమీటర్ల మీటరు వీడియో తీసి వాళ్ల వాట్సాప్‌కే పంపండి. తిరిగి ఇచ్చే ముందు క్యాసెట్ కడిగి, మురుగు ట్యాంకు ఖాళీ చేసి ఇవ్వండి, లేకపోతే శుభ్రం చేసిన ఖర్చు వేస్తారు. అది న్యాయమే.