కుండీ మొక్కలకు సేంద్రియ ఎరువులు: ఆరేళ్లు వాడాక నేను చెప్పగలిగేది

గత వారం మందార మొక్కను పెద్ద కుండీలోకి మార్చాను. పాత కుండీని పక్కకు వంచి అడుగున రెండుసార్లు తట్టగానే మట్టి విడిపోకుండా ముద్దగా జారి వచ్చింది. అంచు చుట్టూ తెల్లని పీచువేర్లు అల్లుకుని ఉన్నాయి. పైనుంచి మూడు అంగుళాల లోతు వరకు, అంటే వానపాముల ఎరువు కలుపుతూ వచ్చిన పొరలో, అవి మరీ దట్టంగా ఉన్నాయి. అదే మట్టిలో రెండేళ్ల కిందట నలిపి వేసిన గుడ్డు పెంకులు కూడా బయటపడ్డాయి. కడిగి చూస్తే వేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అంచులు ఇంకా వేలికి గుచ్చుకుంటున్నాయి. ఆ వేర్లనూ ఈ పెంకులనూ పక్కపక్కన చూసినప్పుడే ఇది రాయాలనిపించింది.

నా దగ్గర ముప్పై కుండీలు ఉన్నాయి. మందార, గులాబీ, మల్లె, మిరప, టమాటా, ఒక నిమ్మ, కొన్ని ఆకు మొక్కలు. ఆరేళ్లుగా వీటికి సేంద్రియ ఎరువులు తప్ప మరేదీ వేయలేదు, ఒక్క నిమ్మకు తప్ప. ఆ సంగతి తర్వాత చెబుతాను. అంతకు ముందు రెండేళ్లు రసాయన గుళికలు వాడాను. వాటిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. వేరు పీల్చుకునే నత్రజని చాలావరకు నైట్రేట్, అమ్మోనియం రూపాల్లోనే ఉంటుంది. అది గుళికలోంచి వచ్చిందా, పేడలోంచి వచ్చిందా అన్న తేడా వేరుకు తెలియదు. కానీ సేంద్రియ ఎరువు వేస్తే దాన్ని ముందుగా తినేది మట్టిలోని సూక్ష్మజీవులు. అవి దాన్ని విడగొట్టి అమ్మోనియంగా మారుస్తాయి, మరికొన్ని బ్యాక్టీరియాలు ఆ అమ్మోనియాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి, అప్పుడు గానీ మొక్కకు అందదు. ఆ పనికి తేమ, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. పొలంలో ఎక్కడో కాస్త ఎక్కువ తక్కువైనా విశాలమైన నేల సర్దుకుంటుంది. పన్నెండు అంగుళాల కుండీలో ఉండే మట్టి మహా అయితే పదిహేను లీటర్లు. నాకు ఎదురైన నష్టాలన్నీ పొలానికి పనికివచ్చే మాటను కుండీకి వర్తింపజేయడం వల్ల వచ్చినవే.

ఒకే ఒక్క ఎరువు ఉంచుకోమంటే నేను వానపాముల ఎరువునే ఉంచుకుంటాను. ఇందులో నత్రజని సాధారణంగా 1 నుంచి 2 శాతం ఉంటుంది. ఆ అంకె చూసి చాలామంది పెదవి విరుస్తారు. అయితే ఇది తడిని పట్టి ఉంచుతుంది, పలుకుల మధ్య గాలి ఆడనిస్తుంది, తగు మోతాదులో వేస్తే లేత వేరును కూడా కాల్చదు. మంచి సరుకును గుప్పిట్లో నొక్కితే ముద్దవుతుంది, వేలితో తాకితే పొడిపొడిగా రాలిపోతుంది, వాన పడిన మట్టి వాసన వస్తుంది. ఒకసారి నేను కొన్న సంచిలో నల్లటి జిగురు ముద్దలు, మురుగు వాసన ఎదురయ్యాయి. అది పూర్తిగా మాగలేదు. అప్పటి నుంచి కొత్త సంచి విప్పిన ప్రతిసారీ గుప్పెడు ఎరువు తడిపి, గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి మూడు రోజులు ఉంచుతున్నాను. విప్పినప్పుడు కుళ్లు వాసనో అమ్మోనియా ఘాటో వస్తే సంచి మొత్తాన్ని ఇంకో నెల నీడలో, తడి ఆరకుండా మాగబెడతాను.

దీనితోనూ మొదట్లో పొరపాటు చేశాను. మంచిదే కదా అని గులాబీ కుండీలో సగానికి సగం ఇదే నింపాను. మూడు నెలలకు మట్టి అణిగిపోయింది, పోసిన నీళ్లు పైనే నిలిచాయి, అడుగు వేర్లు గోధుమ రంగుకు తిరిగి మెత్తబడ్డాయి. ఇప్పుడు కొత్త మిశ్రమంలో ఐదు పాళ్లకు ఒక పాలు మించనివ్వను. ఆ తర్వాత నెలన్నరకు ఒకసారి రెండు గుప్పెళ్లు పై పొరలో కలిపి నీళ్లు పోస్తాను. ఫలితం రెండు మూడు వారాలకు కనిపిస్తుంది. మొదట పూలలో కాదు, చిగురులో చూడాలి. కొత్త ఆకు పాత ఆకు కంటే వెడల్పుగా, ముదురు రంగులో విచ్చుకుంటే ఎరువు అందుతున్నట్టే.

పశువుల ఎరువు గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. బాగా చివికి, పేడ ఆనవాలే లేకుండా మట్టిలా మారినది వాడితే వానపాముల ఎరువుకు దగ్గరగా పనిచేస్తుంది. పచ్చిది మాత్రం కుండీలో వేయవద్దు. అమ్మోనియా వేర్లను కాలుస్తుంది, అందులోని హానికర సూక్ష్మజీవులు తినే ఆకులకు అంటుకుంటాయి. అమెరికా సేంద్రియ ప్రమాణాల్లో, తినే భాగం నేలను తాకే పంటకైతే పచ్చి పేడ వేశాక కోతకు 120 రోజులు, తాకని పంటకైతే 90 రోజులు ఆగాలన్న నిబంధన ఉంది. ఇంట్లో ఆకుకూర పెంచేవారికి అంత వ్యవధి ఎక్కడ దొరుకుతుంది?

ఇక వేరుశనగ చెక్క, అంటే గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి. నేను వాడిన వాటిలో బలమైనదీ, నాకు ఎక్కువ నష్టం చేసినదీ ఇదే. దీనిలో నత్రజని సుమారు 7 శాతం. అంటే వంద గ్రాముల వానపాముల ఎరువులో గ్రామున్నర నత్రజని ఉంటే, వంద గ్రాముల చెక్కలో ఏడు గ్రాములు ఉంటుంది. ఈ లెక్క తెలియక, రెండో ఏడాది మూడు మిరప కుండీల్లో చెక్క పొడిని తలా ఒక గుప్పెడు చల్లి నీళ్లు పోశాను. నాలుగో రోజుకు మట్టి మీద తెల్లటి బూజు పరుచుకుంది. వారానికి దాని కింద పురుగులు కదిలాయి, వాసనకు దగ్గరికి వెళ్లలేకపోయాను. పదో రోజున ఆకుల కొనలు కాగితం కాలినట్టు గోధుమ రంగుకు తిరిగాయి. చెక్క వేగంగా కుళ్లుతూ ఆ కొద్ది మట్టిలోని ప్రాణవాయువునంతా వాడేసుకుని, అమ్మోనియాను వదిలింది. పై పొర తీసేసి, ఒక్కో కుండీలో దాని మట్టికి మూడింతలు నీళ్లు పోసి కడిగాను. మూడింటిలో ఒక్కటే బతికింది. కాయలు పట్టిన మొక్కలు అవి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాత చెక్కను పొడిగా వేయడం పూర్తిగా మానేశాను. వంద గ్రాములు లీటరు నీటిలో నాలుగు రోజులు నానబెడతాను. మూత వదులుగా పెట్టాలి, లోపల వాయువు పుడుతుంది. రోజూ కర్రతో కలపాలి, లేకపోతే అడుగున కుళ్లి నల్లబడుతుంది. రెండో రోజు నుంచి పైన సన్నని నురుగు కడుతుంది, నాలుగో రోజుకు గంజిలా చిక్కబడుతుంది. వడకట్టి, ఒక పాలుకు పది నుంచి పదిహేను పాళ్ల నీళ్లు కలిపి, పలచని తేనీటి రంగుకు వచ్చాక, ముందే తడిపిన మట్టికి పోస్తాను. ఇరవై రోజులకు ఒకసారి చాలు, అది కూడా మొక్క ఎదుగుతున్న కాలంలోనే. గులాబీకి ఇది ఇచ్చినంత వేగంగా మరే సేంద్రియ ఎరువూ చిగురు తెప్పించలేదు. వాసన రెండు రోజులు ఉంటుంది కాబట్టి గదిలోని మొక్కలకు పోయను.

కుక్కలు ఉన్న ఇళ్లవారికి ఒక ముఖ్యమైన మాట. చెక్కల వాసన, ఎముకల పొడి వాసన వాటిని ఆకర్షిస్తాయి, మట్టిని తవ్వి తింటాయి. ఆముదపు చెక్కలో రిసిన్ అనే విషం ఉంటుంది, అది తిని కుక్కలు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. కుక్క తిరిగే చోట దాన్ని అసలు వాడవద్దు. వేపపిండిని మాత్రం కుండీ నింపేటప్పుడు రెండు చెంచాలు కలుపుతాను. అది నత్రజని నైట్రేట్‌గా మారే వేగాన్ని తగ్గిస్తుంది, అందువల్ల నీళ్లతో కొట్టుకుపోయేది తగ్గుతుంది. వేర్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులను కూడా అదుపులో ఉంచుతుంది.

ఎముకల పొడి నాకు ఫలితం ఇవ్వలేదు. పూల కోసం భాస్వరం కావాలని రెండు మల్లె కుండీల్లో ఏడాది పాటు వేసి, మరో రెండింటికి వేయకుండా చూశాను. తేడా కనిపించలేదు. కారణం తర్వాత అర్థమైంది: ఇందులోని భాస్వరం ఆమ్ల గుణం ఉన్న మట్టిలోనే కరుగుతుంది. నేను పోసేది సున్నం ఎక్కువగా ఉన్న గట్టి నీరు, నా మట్టి పీహెచ్ 7 దాటి, అంటే క్షార గుణం వైపు ఉంది.

వంటింటి వ్యర్థాల గురించి ఆశపడేవారు చాలామంది. నేనూ ఆశపడ్డాను. అరటి తొక్కలో పొటాష్ ఉన్న మాట నిజమే. తొక్కలు నానబెట్టిన నీళ్లలోకి అది కొంత దిగుతుంది, నత్రజని మాత్రం లెక్కలోకి వచ్చేంత ఉండదు. ఆ నీళ్ల మీదే ఆధారపడిన నా టమాటా మొక్క కింది ఆకులు ఒక్కొక్కటిగా పసుపు రంగుకు తిరిగి రాలిపోయాయి. పాత ఆకుల నుంచి మొదలయ్యే పసుపు నత్రజని లోపానికి గుర్తు. గుడ్డు పెంకు దాదాపుగా కాల్షియం కార్బొనేటే. మెత్తని పిండిగా దంచి ఆమ్ల మట్టిలో వేస్తే కరుగుతుంది, ముక్కలుగా వేస్తే మందార కుండీలో చూసినట్టే ఉండిపోతుంది. టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లితే పెంకులు వేయమంటారు. నాకు ఆ కుళ్లు తగ్గింది పెంకులతో కాదు, రోజూ ఒకే వేళకు నీళ్లు పోయడంతో. కాల్షియం నీటితో పాటే కాయకు చేరుతుంది. మట్టి ఒక రోజు ఎండి, మరో రోజు చిత్తడి అయితే అది అందదు. కాఫీ పిప్పిని మందంగా పరిస్తే గట్టి పెచ్చు కట్టి నీళ్లను దిగనివ్వదు. ఇవన్నీ ఇప్పుడు నేను కంపోస్టు తొట్టిలోకే వేస్తున్నాను. ఎండాకులతో కలిసి కుళ్లి మట్టిగా మారాక కుండీలోకి వస్తాయి. ఎండాకులు, రంపపు పొట్టు కూడా మాగకుండా కుండీలో కలపకూడదు. వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మొక్కకు అందాల్సిన నత్రజనిని ముందుగా తామే తీసుకుంటాయి.

పచ్చి వ్యర్థాలు పైన వేసినన్నాళ్లూ నన్ను విసిగించినవి చిన్న నల్ల ఈగలు. నీళ్లు పోయగానే మట్టి మీద నుంచి గుంపుగా లేచేవి. ఇవి తడిగా ఉన్న పై పొరలో గుడ్లు పెడతాయి, పిల్లపురుగులు కుళ్లే పదార్థాన్నీ, లేత వేర్లనూ తింటాయి. మందు చల్లి లాభం లేకపోయింది. పై అంగుళం మట్టి ఎండే దాకా నీళ్లు ఆపి, పసుపు రంగు జిగురు అట్టలు గుచ్చాను. వాటి జీవితచక్రం మూడు నాలుగు వారాలు కాబట్టి నెలన్నర పాటు పట్టువిడవకుండా చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఏ ఎరువు వేసినా పైన పరచకుండా అంగుళం లోతున కలిపి, పైన పొడి మట్టి కప్పుతాను.

చలికాలంలో కూడా లెక్క ప్రకారం ఎరువు వేసినందుకు ఒక ఏడాది నష్టపోయాను. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర సూక్ష్మజీవుల పని బాగా మందగిస్తుంది. వేసిందంతా మట్టిలో పేరుకుపోయి, వెచ్చబడగానే ఒక్కసారిగా విడుదలైంది. గులాబీలు మెత్తని పొడుగాటి రెమ్మలు వేశాయి, ఆ రెమ్మల నిండా పేనుబంక పట్టింది.

నిమ్మ సంగతి. పొటాష్ కోసం దానికి రెండుసార్లు కట్టెల బూడిద వేశాను. బూడిద క్షార గుణం కలది, పైగా నా నీళ్లు గట్టి నీళ్లు. రెండూ కలిసి మట్టిలోని ఇనుమును మొక్కకు అందకుండా చేశాయి. కొత్త చిగుళ్లు ఈనెలు మాత్రం పచ్చగా, మధ్య భాగమంతా నిమ్మపండు రంగులో వచ్చాయి. వానపాముల ఎరువు ఎంత వేసినా మారలేదు. చివరకు క్షార మట్టిలోనూ పనిచేసే ఈడీడీహెచ్ఏ రకం ఐరన్ చిలేట్ అనే, ఇనుము అందించే రసాయన ఎరువును ఒక్కసారి పోశాను. మూడు వారాలకు వచ్చిన చిగురు పచ్చగా వచ్చింది. ఆ చెట్టు కోసం నియమం తప్పినందుకు నాకు విచారం లేదు. సేంద్రియమా కాదా అన్నదానికంటే చెట్టు బతకడం నాకు ముఖ్యం.

మందారకు కొత్త కుండీలో ఐదో పాలు వానపాముల ఎరువు, రెండు చెంచాల వేపపిండి కలిపాను. ఇంకో నెల రోజులు దానికి మరేమీ వేయను, వేర్లు ముందు కొత్త మట్టిలోకి పాకాలి. ఆ తర్వాత చెక్క నీళ్లు, పదిహేనుకు ఒక పాలుతో మొదలు. గుడ్డు పెంకులను ఏరి కంపోస్టు తొట్టిలో వేశాను, ఈసారి పిండిగా దంచి.