మంచి ధ్వనిముద్రణను వెతుక్కుంటూ: షికాగో, మెంఫిస్, క్లార్క్స్‌డేల్, సలైనా

అమెరికా నల్లజాతివారి సంగీతమైన బ్లూస్ రికార్డులు పోగుచేసేవారిలో చరిత్ర కోసం కొనేవారు కొందరు, చెవి కోసం కొనేవారు కొందరు ఉంటారు. నేను రెండో కోవకు చెందినవాణ్ణి. పాట ఎంత గొప్పదైనా, గాయకుడు ఎంతటివాడైనా, ధ్వనిముద్రణ బాగుండకపోతే వినైల్ (ముల్లుతో వినే ప్లాస్టిక్ రికార్డు) మీద కొనకూడదని చాలాకాలం క్రితమే ఒక నియమం పెట్టుకున్నాను. తొలితరం బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936, 1937 సంవత్సరాల్లో టెక్సస్‌లో పాడిన 29 పాటలు లేకపోతే ఈ సంగీతమే మరోలా ఉండేదని నాకు తెలుసు. అయినా ఆ పాటలు మనకు దక్కింది చాలావరకు నిమిషానికి 78 చుట్ల వేగంతో తిరిగే పాత ప్లేట్ల గరగరలోంచే కనుక, వాటిని బరువైన కొత్త రికార్డు మీద అచ్చువేసి అమ్మినా ఆ గరగర మరింత స్పష్టంగా వినిపించడం తప్ప ఒరిగేది లేదు. వాటిని నేను ఫోనులోనే వింటాను.

ఈ నియమంతోనే గత మే నెలలో మా బావమరిదిని వెంటబెట్టుకుని, మేముండే అరోరా నుంచి కారులో పది రోజుల యాత్రకు బయలుదేరాను. ముందు షికాగో, అక్కడి నుంచి మెంఫిస్, మిసిసిపీ డెల్టాలోని క్లార్క్స్‌డేల్, చివరకు కాన్సస్ రాష్ట్రంలోని సలైనా అనే చిన్న పట్టణం. ఎక్కడ ఏం కొనవచ్చు, ఎక్కడ బస చేయవచ్చు, కొన్నవాటిని చెడిపోకుండా ఇంటికి ఎలా చేర్చవచ్చు అన్న మూడు విషయాలనే ఇక్కడ తూకం వేస్తాను.

షికాగోలో మొదట చూడవలసింది సౌత్ మిషిగన్ అవెన్యూలోని 2120వ నంబరు భవనం. బ్లూస్ రికార్డులకు పేరుపడ్డ చెస్ రికార్డ్స్ కంపెనీ 1957 నుంచి దాదాపు పదేళ్లపాటు ఇక్కడే నడిచింది. తరువాతి కాలంలో పాటల రచయిత, బాస్ వాద్యకారుడు విల్లీ డిక్సన్ కుటుంబం దీన్ని కొని, ఆయన స్థాపించిన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్‌కు నిలయంగా మార్చింది. బయటినుంచి చూస్తే సన్నగా, రెండంతస్తులతో, ఒక మామూలు దుకాణంలా ఉంటుంది. పైఅంతస్తులోని స్టూడియో గదిలోకి వెళ్లినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగించింది దాని చిన్నతనమే. 1963 సెప్టెంబరులో మడ్డీ వాటర్స్ ‘ఫోక్ సింగర్’ ఆల్బమ్‌ను ఈ కంపెనీ స్టూడియోలోనే ముద్రించారు. సాధారణంగా ఎలక్ట్రిక్ గిటార్ల హోరుతో పాడే మనిషిని, ఆనాటి జానపద సంగీతపు మోజును దృష్టిలో పెట్టుకుని, అకూస్టిక్ గిటార్‌తో కూర్చోబెట్టారు. పక్కన 27 ఏళ్ల బడ్డీ గై మరో గిటార్ పట్టుకున్నాడు, విల్లీ డిక్సన్ బాస్ వాయించాడు, క్లిఫ్టన్ జేమ్స్ డ్రమ్స్ మీద ఉన్నాడు. వాద్యాలు తక్కువ కావడం వల్ల ఒక్కొక్క తీగ చుట్టూ ఖాళీ మిగిలింది, ఆ ఖాళీలోనే గది వినిపిస్తుంది. మడ్డీ లోగొంతుకతో పాడుతున్నంతసేపు మన ఎదురుగా కూర్చున్నట్టు ఉంటాడు, ఒక్కసారి గొంతు పెంచగానే ఆ స్వరం దూరపు గోడలకు తగిలి తిరిగి వచ్చినట్టు ప్రతిధ్వని వెనక నుంచి కదులుతుంది. స్పీకర్లను పరీక్షించేవారు అరవై ఏళ్లుగా ఈ రికార్డునే వాడుతున్నారంటే కారణం ఇదే. సందర్శన వేళలు పరిమితం కనుక ముందే చూసుకుని వెళ్లాలి.

కొనుగోళ్ల విషయానికొస్తే, పాత గైడుపుస్తకాలు చూసి వచ్చేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. డెల్మార్క్ రికార్డ్స్ యజమాని బాబ్ కెస్టర్ దశాబ్దాలపాటు నడిపిన జాజ్ రికార్డ్ మార్ట్ 2016లోనే మూతపడింది, ఆయన కూడా 2021లో కన్నుమూశారు. ఇప్పుడు యాష్లాండ్ అవెన్యూలోని డస్టీ గ్రూవ్, రెండుమూడు చోట్ల శాఖలున్న రెక్లెస్ రికార్డ్స్ నాకు బాగా పనికొచ్చాయి. డస్టీ గ్రూవ్‌లో సోల్, జాజ్ ఎక్కువ, బ్లూస్ అరలు తక్కువ, కానీ ఉన్నవి ఏరి పెట్టినవి. డెల్మార్క్ ఇప్పటికీ అచ్చులో ఉంచిన జూనియర్ వెల్స్ ‘హూడూ మాన్ బ్లూస్’ నేను ఇక్కడే కొన్నాను. 1965లో ముద్రించిన ఈ ఆల్బమ్‌లో, బడ్డీ గై యాంప్లిఫయర్ మధ్యలో పాడైతే గిటార్‌ను ఆర్గన్‌కు వాడే లెస్లీ స్పీకరుకు తగిలించి పని కానిచ్చారు. ఆ సుడితిరిగే శబ్దం రికార్డు మీద తెలిసిపోతుంది. ఒక చిన్న క్లబ్బులో, ముందు బల్ల దగ్గర కూర్చున్న అనుభూతిని ఇంత నిజాయితీగా ఇచ్చిన స్టూడియో రికార్డు మరొకటి నా దగ్గర లేదు.

పాత రికార్డులు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. ఊరి శివార్లలోని ఒక దుకాణంలో ‘వీజీ ప్లస్’ (చాలా బాగున్న స్థితి) అని చీటీ అంటించిన ఒక పాత ముద్రణకు 70 డాలర్లు ఇచ్చాను. దీపం కింద చూస్తే గీతలు లేవు, నల్లగా నిగనిగలాడింది. ఇంట్లో ముల్లు పెట్టాక తెలిసింది, వెనకటి యజమాని బరువైన ముల్లుతో అరగదీయడం వల్ల గొంతు పైస్థాయికి వెళ్లిన ప్రతిచోటా చిరిగిన గుడ్డలాంటి శబ్దం వస్తోందని. గాడి అరుగుదల కంటికి కనిపించదు. కనుక దుకాణంలో వినే ఏర్పాటు ఉంటే, ప్రతి వైపు చివరి పాటను ఒక్క నిమిషమైనా విని తీరాలి, ఎందుకంటే అరుగుదల మొదట బయటపడేది లోపలి గాళ్లలోనే.

షికాగోలో బస చేయవలసినవారికి సౌత్ లూప్ ప్రాంతం అనువైనది. వాబాష్ అవెన్యూలోని బడ్డీ గైస్ లెజెండ్స్ క్లబ్బు నుంచి చెస్ భవనానికి సుమారు 2 కిలోమీటర్లే. కారు నిలిపే రుసుము గది అద్దెలో మూడోవంతు దాకా ఉంటుంది కనుక కారు లేకుండా వస్తేనే మేలు. క్లబ్బులో సంగీతం బాగుంది, శబ్దం మాత్రం నా చెవులకు మించింది.

మెంఫిస్‌కు దాదాపు 850 కిలోమీటర్లు. యూనియన్ అవెన్యూలో 706వ నంబరు సన్ స్టూడియోలో 1951లో హౌలిన్ వుల్ఫ్ పాడాడు. ఆ గదిని చూడవలసిందే, కానీ ఆనాటి ముద్రణలు నా నియమానికి లొంగవు. నా మనసు నిలిచింది సోల్ సంగీతపు రికార్డు కంపెనీ స్టాక్స్ పేరిట మెక్‌లెమోర్ అవెన్యూలో ఉన్న మ్యూజియంలో. పాత సినిమా హాలును స్టూడియోగా మార్చిన అసలు భవనాన్ని 1989లో కూల్చేశారు. అదే స్థలంలో, అదే రూపంలో కట్టిన మ్యూజియం 2003లో తెరుచుకుంది. సినిమా హాలు కనుక స్టూడియో నేల వాలుగా ఉండేది, కొత్త కట్టడంలోనూ ఆ వాలును అలాగే ఉంచారు. సమాంతరంగా లేని నేల, ఎత్తైన కప్పు కలిసి ఆ స్టూడియోకు ప్రత్యేకమైన నాదాన్ని ఇచ్చాయని చెబుతారు. ఆల్బర్ట్ కింగ్ 1967 ఆల్బమ్ ‘బోర్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్’ ఇక్కడ తయారైనదే. ‘ఫోక్ సింగర్’ లాంటి విశాలత దీనిలో లేదు, పొడిగా, బిగువుగా ఉంటుంది. కానీ డ్రమ్ము దెబ్బ, బాస్ తీగ ఒకదాన్నొకటి తోసుకోకుండా నిలబడిన తీరు చూసి నియమాన్ని కొంచెం సడలించాను. షాంగ్రి-లా, గోనర్ అనే రెండు దుకాణాలు చూశాము. రెండింటిలోనూ ఈ ఊరి సంగీతం గురించి ఓపికగా మాట్లాడే మనుషులున్నారు. గోనర్‌లో రాక్ పాలు ఎక్కువ, బ్లూస్ కోసమే వచ్చినవారు ముందు షాంగ్రి-లాకు వెళ్లడం మంచిది.

మెంఫిస్‌లో మేము దిగిన హోటల్ పేరు చెప్పను. గదిలో ఏసీ రాత్రి రెండుసార్లు ఆగిపోయింది, మార్చమంటే వేరే గది లేదన్నారు. మనుషులకు అది అసౌకర్యమే, రికార్డులకు ప్రమాదం. అంతకన్నా పెద్ద తప్పు నాదే. మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ ఒక సంచిని కారు వెనక సీటులో వదిలేశాను. గంటన్నర తరువాత తిరిగివస్తే పైనున్న రికార్డు అంచు అప్పడంలా లేచింది. మే నెల ఎండ మనకు ఎండలా అనిపించకపోవచ్చు, అద్దాలు మూసిన కారులో వినైల్‌కు అది చాలు.

అక్కడి నుంచి 61వ నంబరు రహదారి మీద దక్షిణంగా సుమారు 125 కిలోమీటర్లు వెళ్తే క్లార్క్స్‌డేల్ వస్తుంది. రెండువైపులా నేల బల్లపరుపుగా, కనుచూపుమేర పొలాలే. దివిసీమ వైపు కారులో వెళ్తున్నట్టుందని మా బావమరిది అన్నాడు, కొబ్బరిచెట్లు లేవు గాని ఆ పోలిక నాకూ నచ్చింది. ఊరికి దగ్గరలోని స్టోవాల్ తోటలో పనిచేసే యువకుడు మడ్డీ వాటర్స్‌ను 1941లో జానపద సంగీత సేకర్తలు అలన్ లోమాక్స్, జాన్ వర్క్‌ల బృందం అమెరికా ప్రభుత్వ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరపున మొదటిసారి రికార్డు చేసింది. అతడి గొంతును అతడే మొదటిసారి విన్నది అప్పుడే. 1943లో అతడు షికాగోకు వెళ్లిపోయాడు. మరుసటి సంవత్సరమే, ఊరికి దగ్గరలోని హాప్సన్ తోటలో విత్తనం నుంచి కోత దాకా పూర్తిగా యంత్రాలతోనే పత్తి పండించి చూపించారు. చేతులతో పత్తి ఏరేవారి అవసరం తగ్గింది, ఉత్తరాదికి వలస సాగింది, మంచి మైకులూ మంచి గదులూ ఉన్న చోటికి ఈ సంగీతమూ చేరింది. బ్లూస్ పుట్టిన ఊళ్లో బాగా ముద్రించిన బ్లూస్ ఎందుకు దొరకదో ఆ పొలాల మధ్య నిలబడితే అర్థమవుతుంది.

డెల్టా అవెన్యూలోని క్యాట్ హెడ్ దుకాణంలో గంటసేపు గడిపాను. రికార్డులు, పుస్తకాలు, జానపద చిత్రాలు ఉన్నాయి, ఈ వారం ఏ రాత్రి ఎక్కడ ఎవరు పాడుతున్నారన్న సమాచారానికి ఊరిలో ఇంతకన్నా మంచి చోటు లేదు. స్థానిక కళాకారుల రికార్డులు ఒక్కొక్కటిగా తీసి చూసి పెట్టేశాను. అవన్నీ ప్రత్యక్షంగా వినవలసినవే తప్ప, నా అరలో ఉండవలసినవి కావనిపించింది. “బావా, ఇంత దూరం వచ్చి ఒక్కటి కూడా కొనవా?” అని బావమరిది అడిగాడు. “ఇక్కడికి వచ్చింది కొనడానికి కాదురా, వినడానికి” అన్నాను. ఆ రాత్రి రెడ్స్ లౌంజ్ అనే క్లబ్బులో ఎర్రటి దీపాల కింద, వేదిక అంటూ లేని నేల మీద, ఒక పెద్దాయన రెండు గంటలు వాయించాడు. మైకు గీపెట్టింది, మధ్యలో ఒక తీగ తెగింది. పది రోజుల్లో నేను విన్న అత్యుత్తమ సంగీతం అదే.

పాత రైలు గిడ్డంగిలో నెలకొన్న డెల్టా బ్లూస్ మ్యూజియంలో మడ్డీ వాటర్స్ నివసించిన గుడిసె దుంగలను తెచ్చి నిలబెట్టారు. ఆదివారం మూసి ఉంటుంది. బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ 1937లో కన్నుమూసిన నల్లజాతివారి ఆసుపత్రి భవనం తరువాత రివర్‌సైడ్ హోటల్ అయింది, దాన్ని బయటినుంచే చూశాము. బసకు షాక్ అప్ ఇన్ పేరు పెద్దది. హాప్సన్ తోటలోనే, కూలీల పాత గుడిసెలను రేకు కప్పులతో సహా నిలిపి, లోపల ఏసీ, స్నానాల గది అమర్చి అద్దెకిస్తారు. నిద్ర బాగా పట్టింది, వరండా హాయిగా ఉంది. అయితే, ఒకప్పుడు అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాలు గత్యంతరం లేక బతికిన గుడిసెలో సరదాకు డబ్బిచ్చి పడుకోవడం నాకు ఒక రాత్రికి మించి మింగుడుపడలేదు, రెండో రాత్రి ఊరి మధ్యలోని గదికి మారాము. శాకాహారులకు ఈ ఊరు కష్టం, మొక్కజొన్న పిండితో చేసే డెల్టా తమాలేలలోనూ మాంసమే ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర రెండు పూటలు ఆదుకుంది.

క్లార్క్స్‌డేల్ నుంచి సలైనాకు సుమారు 1,000 కిలోమీటర్లు. దారిలో చెప్పుకోదగ్గది లేదు. గోధుమ చేల మధ్య ఉన్న ఈ పట్టణానికి బ్లూస్ చరిత్రతో ఏ సంబంధమూ లేదు, అయినా నా కొనుగోళ్లలో సగం ఇక్కడి సరుకే. లూసియానా నుంచి వచ్చి స్థిరపడిన చాడ్ కాసెం 1986లో రికార్డుల అమ్మకంగా మొదలుపెట్టిన అకూస్టిక్ సౌండ్స్, పాత మాస్టర్ టేపుల నుంచి తిరిగి ముద్రించే అనలాగ్ ప్రొడక్షన్స్, 2011లో మొదలైన క్వాలిటీ రికార్డ్ ప్రెసింగ్స్ కర్మాగారం, మాస్టరింగ్ స్టూడియో అన్నీ ఈ ఊళ్లోనే ఉన్నాయి. పాత చర్చిని కొని బ్లూ హెవెన్ స్టూడియోస్‌గా మార్చి, వృద్ధ బ్లూస్ కళాకారులను పిలిపించి అక్కడే రికార్డు చేశారు. ముందే అనుమతి అడగకపోవడం నా పొరపాటు కనుక ఆ చర్చిని వీధిలోంచే చూశాను.

రికార్డు 180 గ్రాములా 200 గ్రాములా అన్నది అమ్మకపు మాటగానే నేను తీసుకుంటాను. అసలు టేపు నుంచి చేశారా, దాని నుంచి మూల ప్లేటు మీద గాడి కోసినవారెవరు, ఎక్కడ అచ్చువేశారు అన్నవే నేను చూసేవి. బ్లూస్‌విల్ పేరుతో ఇటీవల వస్తున్న పునర్ముద్రణలకు గాడి కోతా అచ్చూ సలైనాలోనే జరుగుతున్నాయి, 30 డాలర్ల దరిదాపుల్లో ఇంతకన్నా నమ్మకమైన సరుకు లేదు. 1963లో న్యూజెర్సీలో రూడీ వాన్ గెల్డర్ ముద్రించిన లైట్నిన్ హాప్కిన్స్ ‘గోయిన్ అవే’లో ఒక గిటార్, బాస్, డ్రమ్స్ మాత్రమే ఉంటాయి. హాప్కిన్స్ తన ఇష్టం వచ్చినచోట తాళాన్ని సాగదీస్తుంటే మిగతా ఇద్దరూ కాచుకుని కూర్చోవడం కూడా వినిపిస్తుంది. ఇక ‘ఫోక్ సింగర్’ను 45 వేగంతో రెండు ప్లేట్లుగా వేసిన ముద్రణ వెల దాదాపు రెట్టింపు. గాడి ముల్లు కింద వేగంగా కదలడం వల్ల పైస్వరాలు, ముఖ్యంగా లోపలి గాళ్లలో, నలగకుండా వస్తాయి. దానికి బదులుగా పది పన్నెండు నిమిషాలకోసారి లేచి ప్లేటు తిప్పాలి. ఈ ఒక్క ఆల్బమ్‌కు ఆ శ్రమ తగును, మిగతావాటికి 33 వేగమే చాలు.

మొత్తం 31 రికార్డులయ్యాయి. అట్టతో కలిపి ఒక్కొక్కటి 300 గ్రాములు దాటుతుంది కనుక విమానంలో వెళ్లేవారు 23 కిలోల పెట్టెలో మిగతా సామానుతో పాటు పాతికకు మించి సర్దకపోవడం మంచిది, వీలైతే చేతిసంచిలోనే నిలువుగా పెట్టుకోవాలి. అమెరికాలోనే ఉండేవారికి తపాలాశాఖ మీడియా మెయిల్ చవక, రికార్డులకూ వర్తిస్తుంది, కాకపోతే ఆలస్యమవుతుంది, ఎండాకాలంలో అది నాకు ధైర్యం చాలని పని. మేము కారులోనే, వెనక సీటు కింద, పడుకోబెట్టకుండా నిలబెట్టి, రాత్రి దిగిన ప్రతిచోటా గదిలోకి మోసుకెళ్లి తెచ్చుకున్నాము. మోసింది ఎక్కువగా బావమరిదే. మెంఫిస్ ఎండకు వంగిన రికార్డును రెండు దళసరి గాజు పలకల మధ్య పెట్టి మూడు వారాలుగా చూస్తున్నాను. మొదటి పాట మొదటి అర నిమిషంలో ముల్లు ఇంకా ఎగిరిపడుతూనే ఉంది.