నెల్లూరు ట్రాఫిక్‌లో తేలికపాటి స్పోర్ట్స్ కారు: ఏది మేలు?

"ఉండేది నెల్లూరు టౌన్లో. రోజూ తిరుగుడు మాగుంట లేఅవుట్, ట్రంకు రోడ్డు, దర్గామిట్ట. నెలకి రెండుసార్లు చెన్నై. చిన్నగా, తేలిగ్గా ఉండాల, తొక్కితే పరిగెత్తాల. పది పన్నెండు లక్షల్లో ఏది తీసుకోమంటారు?" మనుషులు మారుతున్నారు గానీ ప్రశ్న ఇదే. ఒంగోలు నుంచి అడిగేవాళ్లు చెన్నై బదులు విజయవాడ అంటారు, అంతే తేడా.

స్పోర్ట్స్ కారు అనగానే రెండు సీట్లు, మడిచే టాపు అనుకునేవాళ్లకి ముందే చెప్పాలి. మాజ్దా ఎంఎక్స్-5 లాంటి టన్ను బరువు కార్లు మన దేశంలో కంపెనీ తరఫున అమ్మకానికి రాలేదు. మినీ కూపర్ ఎస్ ఉంది గానీ దాని ధరలో నెల్లూరులో స్థలం చూసుకోవచ్చు. పైగా అది 2 లీటర్ల ఇంజన్, జీఎస్టీ 40 శాతం శ్లాబు. 4 మీటర్లలోపు పొడవు, 1200 సీసీలోపు పెట్రోల్ ఇంజన్ ఉన్న వాటికి 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతమే. కాబట్టి మనకి మిగిలేది టర్బో ఇంజన్ పెట్టిన హ్యాచ్‌బ్యాకులు. వాటిలో గట్టి పోటీ మూడింటి మధ్యే: సెకండ్ హ్యాండ్‌లో మారుతి బాలెనో ఆర్ఎస్, సెకండ్ హ్యాండ్‌లోనే ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, కొత్తగా కొనాలంటే హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్.

కాగితం మీద లెక్క ఇది. బాలెనో ఆర్ఎస్ 2017 మార్చిలో వచ్చి 2020లో బీఎస్6 పొగ నిబంధనలు రావడంతో ఆగిపోయింది. 1 లీటర్ బూస్టర్‌జెట్ ఇంజన్, 102 పీఎస్ పవర్, 150 ఎన్ఎం టార్క్, 5 గేర్ల మాన్యువల్ ఒక్కటే, నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు, బరువు 950 కేజీలు. పోలో జీటీ 2013లో 1.2 టీఎస్ఐతో వచ్చింది: 105 పీఎస్, 175 ఎన్ఎం, 7 గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్, బరువు 1,100 కేజీల దరిదాపు. 2020లో దాన్ని తీసేసి 1.0 టీఎస్ఐ పెట్టారు: 110 పీఎస్, అదే 175 ఎన్ఎం, గేర్‌బాక్సు 6 గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. 2022లో పోలోనే ఆపేశారు. ఐ20 ఎన్ లైన్ 2021లో 120 పీఎస్, 172 ఎన్ఎంతో వచ్చింది. మొదట ఐఎంటీ (క్లచ్ పెడల్ లేని మాన్యువల్), 7 గేర్ల డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) ఉండేవి. 2023 సెప్టెంబర్ నుంచి ఐఎంటీ పోయి మామూలు 6 గేర్ల మాన్యువల్ వచ్చింది.

అందరూ ఈ పీఎస్‌ల దగ్గరే ఆగి వాదించుకుంటారు. నెల్లూరులో కారుకి అసలు పరీక్ష అండర్ బ్రిడ్జి నుంచి పైకెక్కే ఎత్తు దగ్గర.

రైలు పట్టాలు ఊరిని నిలువునా రెండుగా చీల్చాయి. ఇటు నుంచి అటు పోవాలంటే విజయమహల్ గేటో, ఆత్మకూరు బస్టాండో, రామలింగాపురమో, మాగుంట లేఅవుటో, ఏదో ఒక కిందిదారిలో దూరక తప్పదు. పొద్దున తొమ్మిదికి స్కూలు బస్సులు, ఆటోలు, బైకులు అన్నీ కలిసి ఆ వాలు మీద అడుగడుగుకీ ఆగుతాయి. మీ ముందు ఆటో రెండడుగులు కదుల్తుంది, ఆగుతుంది, కొంచెం వెనక్కి కూడా జారుతుంది. మీ వెనక బంపర్‌కి ఆనుకుని ఒక బైకు. ఆ ఎత్తు మీద కారుని గంటకి మూడు కిలోమీటర్ల వేగంతో లాగించే పని పూర్తిగా క్లచ్ మీద పడుతుంది. క్లచ్ ప్లేటు పూర్తిగా పట్టుకుంటే ఇంజన్ ఆగిపోతుంది, పూర్తిగా విడిపోతే కారు వెనక్కి పోతుంది. మధ్యలో జారుతూ ఉండాలి, హాఫ్ క్లచ్ అంటే ఇదే. ఆ జారుడంతా వేడి.

అందుకే ఈ మూడింటిలో ఏది అని అడిగితే, ఆ వేడిని ఏ గేర్‌బాక్సు ఎట్టా భరిస్తుందో చూసుకోమంటాను.

డీఎస్‌జీ గానీ హ్యుందాయ్ డీసీటీ గానీ, ఈ చిన్న కార్లలో వచ్చేది డ్రై క్లచ్ రకం. లోపల రెండు క్లచ్‌లు ఉంటాయి, ఒకటి 1, 3, 5, 7 గేర్లకి, రెండోది 2, 4, 6, రివర్స్‌కి. చల్లార్చడానికి ఆయిల్ ఉండదు, చుట్టూ ఉన్న గాలే దిక్కు. మే నెలలో మన గాలి సంగతి చెప్పక్కర్లేదు. "ఆటోమేటిక్ అయితే కాలు నొప్పి ఉండదు గదా" అంటారు. కాలికి ఉండదు. మీరు హాఫ్ క్లచ్ తొక్కడం మానేశారు గానీ కారు మానలేదు, మీ తరఫున అదే తొక్కుతోంది. మీకు కాలు లాగడం తెలియదు కాబట్టి ఇంకా ఎక్కువసేపు తొక్కిస్తారు.

పోలో డీఎస్‌జీలో క్లచ్‌లతో పాటు మెకట్రానిక్ అనే యూనిట్ ఇంకొకటి ఉంది. గేర్లు మార్చే హైడ్రాలిక్కులూ కంప్యూటరూ కలిసిన పెట్టె. ఇది 2013లోనే పెద్ద రీకాల్‌కి కారణమైంది. వేడి, తేమ ఎక్కువున్న దేశాల్లో ఈ గేర్‌బాక్సులోని సింథటిక్ ఆయిల్ వల్ల ఎలక్ట్రికల్ లోపాలు వస్తున్నాయని, దాన్ని తీసి మినరల్ ఆయిల్ పోశారు. మన కోస్తా వాతావరణం సరిగ్గా ఆ కోవలోదే. మెకట్రానిక్ పోతే డ్యాష్‌బోర్డు మీద గేరు అక్షరాలు వెలిగి ఆరుతుంటాయి. కొన్నిసార్లు సరి గేర్లు పోతాయి, కొన్నిసార్లు బేసి గేర్లు. కారు రోడ్డు మధ్యలో నిలబడిపోవడమూ ఉంది. బిల్లు లక్ష పైమాటే.

అయినా పోలో 1.2 అంటే ప్రాణం పెట్టేవాళ్లున్నారు, కారణమూ ఉంది. కావలి వైపు హైవే మీద 80 నుంచి 120కి అది లాగే తీరు, స్టీరింగ్ బరువు, తలుపు వేస్తే వచ్చే శబ్దం, ఇవి మిగతా రెండింటిలో లేవు. కొనే తీరాలనుకుంటే టెస్ట్ డ్రైవ్ ఇట్టా చేయండి. రాత్రంతా ఆగి ఉన్న కారుని పొద్దున స్టార్ట్ చేసి, రివర్స్‌లో వాలు ఎక్కించండి. ఆ తర్వాత అరగంట టౌన్లో తిప్పి వేడెక్కించండి. వేడి మీద అండర్ బ్రిడ్జి ఎత్తుకి తీసుకెళ్లి, బ్రేకు వదిలి యాక్సిలరేటర్ ముట్టకుండా పాకనివ్వండి. ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు సీటు కింద టకటకమని వణుకు వస్తే క్లచ్‌లు అయిపోవచ్చాయని అర్థం. చివర్న స్కానర్ పెట్టించి గేర్‌బాక్స్ లోపాల కోడ్లు చూడండి. "కోడ్లు నిన్ననే డిలీట్ చేశాం సార్" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

డీసీటీ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాళ్లకి ఒక మాట. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో కారుని నిలబెట్టొద్దు, బ్రేకు పూర్తిగా తొక్కితే క్లచ్ విడిపోతుంది. సగం తొక్కితే జారుతూనే ఉంటుంది. ముందు బండికి మీకు కారు పొడవంత జాగా వచ్చేదాకా ఆగి, ఒకేసారి కదలండి. మధ్యలో ఆటోవాడు దూరతాడు, దూరనివ్వండి.

2020 తర్వాత పోలో 1.0లో ఉన్న టార్క్ కన్వర్టర్‌కి ఈ బాధ లేదు. అందులో జారేది ప్లేటు కాదు, ఆయిల్. వాలు మీద గంట సేపు పాకించినా ఆయిల్ వేడెక్కుతుంది, దాన్ని కూలర్ చల్లారుస్తుంది. గేరు మార్చడంలో డీఎస్‌జీ చురుకు ఉండదు. ఆటోమేటిక్ తప్పనిసరి అనుకునేవాళ్లు 1.2 గురించి కలలు మానేసి 2020 నుంచి 2022 మధ్య బండి వెతుక్కోవడమే దారి.

మాన్యువల్‌కి వస్తే, అక్కడా హాఫ్ క్లచ్ అదే. తేడా ఏమంటే అది మీ చేతిలో, అదే మీ కాల్లో ఉంది. పాడైతే ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ సెట్టుగా మార్చితే అయిపోతుంది. ఆ పని తెలిసిన మెకానిక్ ఏ ఊళ్లోనైనా ఉంటాడు.

ఇక్కడే బాలెనో ఆర్ఎస్ బరువు పనికొస్తుంది. పోలోతో పోలిస్తే 150 కేజీలు తక్కువ. అంటే పోలోలో వెనక సీట్లో ఇద్దరు పెద్దవాళ్లు దిగకుండా ఎప్పుడూ కూర్చున్నట్టు. వాలు మీద ప్రతిసారీ కదిలించాల్సింది అంత తక్కువ, క్లచ్ జారాల్సింది అంత తక్కువ, కిందికి దిగేటప్పుడు బ్రేకు పట్టాల్సింది అంత తక్కువ. టన్నుకి లెక్కేస్తే బాలెనో ఆర్ఎస్‌కి 107 పీఎస్, పోలో 1.2కి 95. పీఎస్ తక్కువున్న కారు పికప్‌లో ముందుండే లెక్క ఇది. లోపం లేదని కాదు. 1,700 ఆర్పీఎం దాటితే గానీ టర్బో మేల్కోదు. రెండో గేర్లో 15 స్పీడుకి వచ్చి తొక్కితే గుర్రుమంటుంది తప్ప కదలదు, మొదటి గేరుకి రావాలి. లోపల ప్లాస్టిక్కులు మామూలు బాలెనోవే. ఇంకో చిక్కు, తక్కువ అమ్ముడైన కారు కాబట్టి ఆర్ఎస్‌కే ప్రత్యేకమైన భాగాలు షెల్ఫులో ఉండవు. మారుతి ఫ్రాంక్స్ టర్బోలో ఇదే కుటుంబం ఇంజన్ వస్తోంది గానీ, అది సరిపోతుందిలే అనే మాట నమ్మకుండా పార్ట్ నంబర్ చూసే ఆర్డర్ పెట్టించండి.

మంచి బాలెనో ఆర్ఎస్ దొరికితే నా ఓటు దానికే. దొరకడమే కష్టం. దొరక్కపోతే కొత్త ఐ20 ఎన్ లైన్, అదీ 6 గేర్ల మాన్యువల్. 120 పీఎస్, గట్టి సస్పెన్షన్, వారంటీ, టౌన్లోనే సర్వీసు, కంప్లయింట్ లేదు. బరువు బాలెనో కంటే ఎక్కువే, అది స్టీరింగ్ తిప్పినప్పుడు తెలుస్తుంది. షోరూంలో డీసీటీ టెస్ట్ డ్రైవ్ బండి ముందు పెడతారు, బాగుంటుంది కూడా, ఎందుకంటే మినీ బైపాస్ మీద తిప్పిస్తారు. విజయమహల్ గేటు వైపు పోనివ్వమనండి.

మిగతావి త్వరగా. టాటా ఆల్ట్రోజ్ రేసర్ 2024లో వచ్చింది, 120 పీఎస్, మాన్యువల్. వెనక సీటు, భద్రత ముఖ్యమైతే చూడొచ్చు, తేలిక అనే మాట దానికి నప్పదు. ఫ్రాంక్స్ టర్బో 100 పీఎస్, గ్రౌండ్ క్లియరెన్స్ 190 ఎంఎం, ఇంట్లోవాళ్లు ఒప్పుకునే కారు. 2021 నుంచి 2024 మధ్య వచ్చిన స్విఫ్ట్ మాన్యువల్‌కి టర్బో లేదు, 90 పీఎసే, కానీ 900 కేజీల దరిదాపు బరువుతో టౌన్లో ఇవన్నీ ఇచ్చే సరదాలో ముప్పాతిక వంతు సగం తలనొప్పితో ఇస్తుంది. అబార్త్ పుంటో 145 పీఎస్, పార్ట్స్ కోసం రాష్ట్రాలు తిరిగే ఓపికున్నవాళ్లకి.

గ్రౌండ్ క్లియరెన్స్ గురించి అడిగినంతగా ఇంకేదీ అడగరు. బాలెనో ఆర్ఎస్ 170 ఎంఎం, ఐ20 కూడా 170, పోలో 165, స్విఫ్ట్ 163. ఏడు మిల్లీమీటర్ల తేడాకి కారు మార్చుకోవద్దు. స్పీడ్ బ్రేకర్ ప్రమాణం ప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. మైపాడు రోడ్డులో ఊళ్లవాళ్లు సిమెంటుతో పోసినవి ఆ లెక్కకి రావు, వాటి మీద నలుగురిని ఎక్కించుకుని పోతే ఏ కారైనా గీరుకుంటుంది. కారుని కిందికి దించే లోయరింగ్ స్ప్రింగులు మాత్రం వేయించొద్దు. అట్టాగే 17 అంగుళాల అల్లాయ్‌లు కూడా. కంపెనీ ఇచ్చే 195/55 ఆర్16 టైరుకి పక్క గోడ 107 ఎంఎం ఉంటుంది, 205/45 ఆర్17 వేస్తే 92కి తగ్గుతుంది. గుంతలో పడితే ఆ తగ్గిన 15 ఎంఎం దగ్గరే టైరు ఉబ్బుతుంది, రిమ్ము వంగుతుంది.

వాయుగుండం రోజుల్లో అండర్ బ్రిడ్జిలు చెరువులవుతాయి. ఈ టైరు ఎత్తు 62 సెంటీమీటర్లు. ముందు వెళ్లిన కారుకి చక్రం మధ్య టోపీ దాకా, అంటే 31 సెంటీమీటర్లు నీళ్లొస్తే వెనక్కి తిప్పేయండి. ఇంజన్ గాలితో పాటు నీళ్లు పీలిస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నీళ్లలో ఆగిపోయిన కారుని మళ్లీ స్టార్ట్ చేయడమే ఎక్కువ ఇంజన్లని చంపుతుంది. ఇన్సూరెన్సులో ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ తీసుకోండి.

బాలెనో ఆర్ఎస్, పోలో, ఎన్ లైన్ మూడూ డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే పెట్రోలు నేరుగా సిలిండర్లోకే చిమ్మే రకం. పెట్రోలు వాల్వుల మీద పడి కడగదు కాబట్టి, ఎప్పుడూ రెండు కిలోమీటర్ల తిరుగుడే అయితే ఇన్‌టేక్ వాల్వులకి మసి పడుతుంది. పదిహేను రోజులకోసారి హైవే మీద కావలి దాకా పోయి రండి, నాలుగో గేర్లో 3,000 ఆర్పీఎం పైన. ఆయిల్ 10,000 దాకా ఆగకుండా 7,500కే మార్చండి. 2023కి ముందు బండ్లు ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు కోసం తయారైనవి కావు, సర్వీసుకిచ్చినప్పుడు ఫ్యూయల్ గొట్టాలు, రబ్బరు సీళ్లు చూపించుకోండి. మైలేజీ కొద్దిగా తగ్గితే కంగారొద్దు.

సెకండ్ హ్యాండ్ బండ్లు చెన్నైలో చవగ్గా కనిపిస్తాయి. అక్కడి కారు ఇక్కడికి రావాలంటే ఫారం 28 మీద ఎన్ఓసీ, ఇక్కడ ఫారం 27తో కొత్త నంబరు, పేరు మార్పుకి 29, 30, పైన మళ్లీ లైఫ్ ట్యాక్సు. ఇవన్నీ కలిపాక చవక ఎంత మిగిలిందో చూసుకోండి. 2019కి ముందు బండి అయితే ఏపీ 26 ప్లేటున్నది నెల్లూరుదే, ఏపీ 27 ప్రకాశానిది. అట్టాంటి ఒక్క చేతి బాలెనో ఆర్ఎస్ కనబడితే, రేటు పదిహేను వేలు ఎక్కువ చెప్పినా ముందు క్లచ్ చూపించుకుని, తర్వాతే బేరమాడండి.