షూట్లలో అసలు జుట్టు ఎక్స్‌టెన్షన్లు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

తిరుపతిలో మేకప్, హెయిర్ రెండూ చేస్తాను. పెళ్లిళ్లు ఎలాగూ ఉంటాయి కానీ ఇక్కడ రాస్తున్నది షూట్ల గురించి. చీరల షాపుల క్యాటలాగులు, నగల షాపుల హోర్డింగులు, బొటీక్‌ల ఇన్‌స్టా ఫోటోలు, అప్పుడప్పుడు శ్రీకాళహస్తి కలంకారీ మీద ఎవరైనా కొత్త కలెక్షన్ తెస్తే దాని షూటు. ఈ పనుల్లో నా పెట్టెలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోసినది ఒకే ఒక్క వస్తువు మీద: అసలు జుట్టుతో చేసిన క్లిప్ ఎక్స్‌టెన్షన్ల సెట్. సొంత జుట్టు పొడవుగా, ఒత్తుగా కనిపించడానికి క్లిప్పులతో తలకు తగిలించే జుట్టు పట్టీలివి. 20 అంగుళాల పొడవు, 7 పట్టీలు, 120 గ్రాములు, రంగు వెయ్యని నలుపు. దీంతోపాటు మామూలు ఫైబర్ (అసలు జుట్టు కాని ప్లాస్టిక్ పోగుల) సవరాలు కూడా మొదటి నుంచీ వాడుతున్నా. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు "అక్కా, అంత డబ్బు పెట్టి కొనాలా?" అని అడుగుతూనే ఉంటారు. జుట్టు విరబోసి తీసే షూట్లు మీకు వస్తుంటే కొనండి. జడలూ ముడులే మీ పని అయితే వద్దు, ఆ డబ్బుతో మంచి లైటు కొనుక్కోండి.

షూటులో పరాయి జుట్టు ఎందుకంటే, చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చే మోడళ్లలో చాలామందికి భుజాల దాకే జుట్టు. చీరల షాపు ఓనరుకేమో నడుం దాటిన జడ కావాలి, లేదా బ్లౌజు వెనక డిజైను పక్కన అలలుగా జారే జుట్టు కావాలి. లోకల్ అమ్మాయిలను తీసుకుంటే ఇంకో సమస్య, ఇది మన ఊరికే ప్రత్యేకం. షూటు ఒప్పుకున్న తర్వాత ఇంట్లో మొక్కు గుర్తొస్తుంది. మూడు కత్తెరలు ఇచ్చి వస్తే మనకేం ఇబ్బంది లేదు. పూర్తిగా తలనీలాలు ఇచ్చేస్తే మాత్రం ఎనిమిది నెలల దాకా క్లిప్పులు పెట్టే దారే ఉండదు. క్లిప్పు పట్టుకోవడానికి, ఆ క్లిప్పును పై నుంచి కప్పడానికి కనీసం నాలుగు అంగుళాల సొంత జుట్టు కావాలి. అంతకంటే తక్కువ ఉంటే విగ్గే. విగ్గు పని వేరే కథ, ఇక్కడ రాయను.

ముందు కెమెరా సంగతి. మామూలు కంటికి మంచి ఫైబర్ సవరం కూడా బాగానే కనిపిస్తుంది. ఫ్లాష్ పడగానే దాని గుట్టు బయటపడుతుంది. ఫైబర్ వెలుగును ఒకే చారగా, తళుక్కుమని వెనక్కి కొడుతుంది. అసలు జుట్టు మీద వెలుగు కాస్త చెదిరి, మెత్తగా పడుతుంది. రెండూ పక్కపక్కన ఉన్నాయంటే ఫోటోగ్రాఫరు మానిటర్ చూసి వెంటనే పిలుస్తాడు: "అక్కా, ఆ ఎడం పక్క మెరస్తా ఉండాది, చూడు." డ్రై షాంపూ గానీ కొంచెం టాల్కమ్ పౌడర్ గానీ చల్లి దువ్వితే ఫైబర్ మెరుపు తగ్గుతుంది, నేనూ చేస్తాను. కానీ నగల షూటులో కెమెరా చెవి దగ్గరికి వచ్చేస్తుంది. బుట్టకమ్మ వెనక జుట్టు ప్లాస్టిక్‌లా కనిపిస్తే పౌడర్ ఏం కాపాడుతుంది?

రంగు దగ్గర ఇంకో మాట. బాగా నల్లగా ఉంటే మంచిదనుకుని రంగేసిన కారునలుపు సెట్ కొంటారు. దాని మీద ఫ్లాష్ పడితే నీలం కొడుతుంది. మన జుట్టు నిజానికి అంత నలుపు కాదు, ఎండలో చూస్తే ముదురు గోధుమ రంగే. సెట్ కొనేటప్పుడు రంగు పోల్చాల్సింది మోడల్ మాడు దగ్గర కాదు, చివళ్ల దగ్గర. పట్టీలు కలిసేది అక్కడే.

రెండోది వేడి. మామూలు ఫైబర్‌కి టాంగ్స్ (జుట్టును చుట్టి అలలు తిప్పే వేడి కడ్డీ) తగిలిందంటే కరిగి ముద్దవుతుంది. హీట్ రెసిస్టెంట్ అని ఉన్నవి కొంత వేడి ఓర్చుకుంటాయి, ప్యాకెట్ మీద రాసిన డిగ్రీలు దాటకుండా జాగ్రత్తపడాలి. అసలు జుట్టుకి ఈ బాధ లేదు. నేను 160 డిగ్రీల దగ్గర పెట్టి మోడల్ జుట్టునీ పట్టీనీ కలిపి ఒకే పాయగా చుడతాను. ఇక్కడే నా సెట్ పెట్టిన డబ్బుకి న్యాయం చేసింది. భుజాల దగ్గర తిన్నగా కత్తిరించిన జుట్టు కింద పొడుగు పట్టీలు పెడితే మధ్యలో మెట్టులా ఒక గీత కనిపిస్తుంది. రెండిటినీ కలిపి కర్ల్ చేస్తే ఆ మెట్టు చాలావరకు కలిసిపోతుంది. ఇంకా కనిపిస్తుంటే మెడ దగ్గర ఉన్న సొంత జుట్టును రెండు సన్నని జడలుగా అల్లి, చుట్టి, పిన్నులతో అక్కడే అదిమేస్తాను. కంప్యూటర్‌లో సరిచేసుకుందాంలే అని వదిలేస్తే, జుట్టు గీత సరిచేయడం చర్మం మీద మచ్చ తీసినంత సులువు కాదని ఎడిటర్ మీకే ఫోన్ చేసి చెప్తాడు.

ఇక నాణ్యత. అసలు జుట్టు అని రాసినంత మాత్రాన అన్నీ ఒకటి కాదు. వెంట్రుక పైన పొలుసులు ఉంటాయి, అవి కుదురు నుంచి చివరి వైపు వాలి ఉంటాయి. పొడవు జుట్టును కట్టగా కట్టి తీస్తే కుదుళ్లన్నీ ఒక పక్కే ఉంటాయి, పొలుసులన్నీ ఒక దిక్కే చూస్తాయి, చిక్కు పడదు. రెమీ అని అమ్మేది ఇదే. కుదుళ్లూ చివళ్లూ కలగలిసిన జుట్టయితే పొలుసులు ఒకదానికొకటి పట్టుకుని చిక్కవుతాయి. అందుకని ఆసిడ్‌లో ముంచి పొలుసులు తీసేసి, పైన సిలికాన్ పూత పూస్తారు. మన వీధుల్లో సైకిల్ మీద వచ్చి ఊడిన జుట్టుకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్లు తీసుకెళ్లే జుట్టు ఇలాంటిదే. దువ్వెనకు వచ్చిన ఉండల్లో కుదురేదో చివరేదో ఎవరికి తెలుస్తుంది?

స్పేర్‌గా ఉంటుందని చెన్నైలో ఒక షాపులో రెండో సెట్ తీసుకున్నాను. ధర మొదటిదాంట్లో సగం. షాపులో పట్టుకుంటే పట్టులా జారింది, మొదటిదానికంటే మెరిసింది. కొన్ని వాష్‌లు అయ్యేసరికి పూత పోయింది. తర్వాత అది జుట్టు కాదు, కొబ్బరి పీచు. షాపువాడిని అడిగితే "మీరు షాంపూ తప్పు వాడారు" అన్నాడు. అప్పటినుంచి కొనేముందు ఒక పరీక్ష చేస్తున్నా. రెండు వేళ్ల మధ్య పాయను పట్టుకుని కుదురు నుంచి చివరికి జార్చాలి, తర్వాత చివరి నుంచి కుదురుకి. మొదటిసారి నున్నగా, రెండోసారి కొంచెం గరుగ్గా తగలాలి. రెండు వైపులా ఒకేలా జారిపోతుంటే పొలుసులు లేనట్టే. ఫైబర్ కలిపారేమోనని అనుమానం ఉంటే ఒక్క వెంట్రుక కాల్చి చూడండి. అసలుది కమురు వాసన వచ్చి బూడిదవుతుంది, ఫైబర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. కాల్చనివ్వని షాపులో కొనకండి.

"ఇది కొండ జుట్టమ్మా, తిరుమలది" అని చెప్పి వెయ్యో రెండు వేలో ఎక్కువ అడిగేవాళ్లు మన ఊళ్లోనూ ఉన్నారు. నవ్వొస్తుంది. కల్యాణకట్టలో ఇచ్చిన తలనీలాలను టీటీడీ పొడవును బట్టి గ్రేడులుగా వేరుచేసి ఈ-వేలంలో పెద్ద మొత్తంలో అమ్ముతుంది. కొన్నవాళ్లు చెన్నై లాంటి చోట్ల ఉన్న యూనిట్లలో శుభ్రం చేసి విదేశాలకు పంపుతారు. ఎగుమతి అయ్యేది ఎక్కువ, షాపులకు చేరేది తక్కువ. చేరినా అది కొండదో కాదో పట్టీ చూసి ఎవరూ చెప్పలేరు. ఏ ఊరి జుట్టని అడగకండి, పొలుసులున్నాయా లేదా చూసుకోండి.

ఒక నగల షూటులో మోడల్ వాళ్లమ్మ పక్కనే కూర్చుంది. నేను పట్టీలు దువ్వుతుంటే చూసి చూసి అడిగింది: "దేవుడికి ఇచ్చిన జుట్టేమో, మనం పెట్టుకోవచ్చునా?" నా అసిస్టెంట్ పిల్ల ఠక్కున "అమ్మా, దేవస్థానమే వేలం వేసి అమ్ముతాది కదా, ఆ డబ్బు మళ్లీ స్వామి పనులకే" అంది. ఆవిడ కాసేపు ఆలోచించి సరేనంది. ఇలాంటి ప్రశ్న వచ్చింది మనవాళ్లకు మాత్రమే కాదు. యూదుల్లో పెళ్లయిన ఆడవాళ్లు కొందరు జుట్టు కప్పుకోవడానికి విగ్గులు పెట్టుకుంటారు. 2004లో వాళ్ల మతపెద్దలు భారతదేశపు గుళ్ల నుంచి వచ్చిన జుట్టు వాడకూడదని చెప్తే, న్యూయార్క్‌లో వీధుల్లోనే విగ్గులు తగలబెట్టారు. కాబట్టి ఎవరైనా అభ్యంతరం చెప్తే వాదించకుండా ఫైబర్ తీసి పెట్టేస్తాను.

ఫైబర్ గెలిచే చోట్లు కూడా ఉన్నాయి, అది దాచకూడదు. తలకోన వైపు జలపాతం దగ్గర షూటు పెట్టుకున్నారంటే అసలు జుట్టు కర్ల్స్ గంట కూడా నిలవవు. గాలిలో తేమకు ఉబ్బుతుంది, అలలు సాగిపోతాయి, స్ప్రే ఎంత కొట్టినా అంతే. ఫ్యాక్టరీలో కర్ల్ చేసి వచ్చిన ఫైబర్ తడిసినా అదే ఆకారంలో ఉంటుంది. అలాగే పూలజడ. పైన మల్లెలూ కనకాంబరాలూ, జడబిళ్లలూ, కింద జడకుచ్చులూ పెట్టాక లోపలున్నది ఏ జుట్టో కెమెరాకేం తెలుస్తుంది? వెంకటగిరి చీరకు వీపు వైపు నుంచి తీసే ఫోటోల్లో జడ ఎంత లావుగా ఉంటే క్లయింటుకు అంత ఆనందం. మూడు నాలుగు వందల సవరం అక్కడ సరిపోతుంది, పైగా బరువు తక్కువ. పూలనీళ్లు, పిన్నుల గీతలు, స్ప్రే జిగురు అన్నీ భరించి, పాడైతే పారేయొచ్చు. నా ఖరీదైన సెట్‌ను నేను జడలో అల్లనే అల్లను.

చంద్రగిరి కోట దగ్గర రాజమహల్ కనిపించేలా తియ్యాలని చాలామందికి కోరిక. అది పురావస్తు శాఖ కింద ఉంది, ట్రైపాడ్, లైట్లతో వెళ్లాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. ఆ సంగతి ఫోటోగ్రాఫర్ చూసుకుంటాడు, మన సంగతి గాలి. సాయంత్రం కొండ వైపు నుంచి గాలి లేస్తే పైనున్న జుట్టు ఎగిరి క్లిప్పులు బయటపడతాయి. అందుకే ఔట్‌డోర్ అయితే పై వరస పట్టీలు పాపిడికి రెండంగుళాలకు పైగా కిందకు దింపుతాను, చెవి పైన పెట్టే చిన్న ముక్కలు మానేస్తాను. క్లిప్పు పెట్టే చోట కుదుళ్ల దగ్గర క్రింపింగ్ మెషిన్‌తో ఒక్క నొక్కు నొక్కి, కొంచెం బ్యాక్ కోంబ్ చేస్తే (కుదుళ్ల వైపు వెనక్కి దువ్వి ఉబ్బిస్తే) పట్టు బాగుంటుంది. నూనె తలతో వచ్చిన మోడల్‌కి మాత్రం ఏం చేసినా జారుతుంది. "ముందురోజు తలస్నానం చెయ్యండి, నూనె వద్దు" అని కాల్ షీటులోనే రాయించండి. మన ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటితే చెమటకు కూడా జారుతుంది, దానికి నా దగ్గర మందు లేదు. తెల్లారకముందే మొదలుపెట్టి పదింటికల్లా ముగించడమే.

మోడల్ తల సంగతి ఫోటోలు చూసేవాళ్లకు తెలియదు. 120 గ్రాములు చేతిలో తేలిక, తల మీద నాలుగు గంటలు ఉంటే తెలుస్తుంది. సన్నజుట్టు వాళ్లకు కుదుళ్లు లాగి తలనొప్పి వస్తుంది. వాళ్లకు నాలుగు పట్టీలు చాలు, లంచ్ బ్రేక్‌లో అవీ తీసేయాలి. మళ్లీ పెట్టడానికి పదిహేను నిమిషాలు పడుతుందని ప్రొడక్షన్ వాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఒకరి తల నుంచి ఇంకొకరి తలకు వెళ్లే వస్తువు కాబట్టి శుభ్రత తప్పదు. ప్రతి షూటు తర్వాత క్లిప్పులను స్పిరిట్‌తో తుడుస్తాను, పట్టీలను చివళ్ల నుంచి పైకి దువ్వి విడివిడిగా వేలాడదీస్తాను. పేలు ఉన్నాయేమోనని పెట్టకముందు తల చూస్తాను, మొహమాటపడను. తల కడిగినట్టు రోజూ కడగకూడదు. దీనికి మాడు నుంచి నూనె రాదు, కడిగినకొద్దీ ఎండిపోతుంది. స్ప్రే జిగురు పేరుకున్నప్పుడే సల్ఫేట్ లేని షాంపూతో కడిగి, కండిషనర్ పెట్టి, పిండకుండా టవల్ మీద పరిచి ఆరబెడతాను. మా ఏరియాలో బోరు నీళ్లు, తెల్లటి పొర కడతాయి. వాటితో కడిగితే రెండోసారికే జుట్టు వెలవెలబోయింది. ఇప్పుడు చివరి కడుగు క్యాన్ నీళ్లతో చేస్తున్నా, తేడా కంటికే కనిపిస్తోంది. సీరమ్ చివళ్లకే, రెండు చుక్కలు. కుట్టు దగ్గర నూనె తగిలితే వెంట్రుకలు వదులై ఊడతాయి.

డబ్బు లెక్క ఎవరి పనిని బట్టి వాళ్లది. ఎక్స్‌టెన్షన్లకు విడిగా అద్దె తీసుకోండి, మేకప్ ఛార్జీలో కలిపేయకండి. మొదట్లో క్లయింట్లు గొణిగారు, ఇప్పుడు బిల్లులో ఆ లైను లేకపోతే వాళ్లే అడుగుతున్నారు, "ఈసారి జుట్టు తేలేదా మేడం?" అని.

నా మొదటి సెట్ ఇంకా పనిలోనే ఉంది. చివళ్లు పలచబడితే 20 అంగుళాలను 16కి కత్తిరించాను. ఇప్పుడది పొడవుకు కాదు, పలచని జుట్టుకు ఒత్తు కోసం వాడుతున్నా, నిజం చెప్పాలంటే షూట్లలో ఎక్కువగా కావాల్సింది అదే. కొత్తది మళ్లీ 20 అంగుళాలే తీసుకుంటాను. 24 చూపించి ఊరిస్తారు కానీ ఆ పొడవులో చివర అంతా తోకలా సన్నబడుతుంది, ఔట్‌డోర్‌లో నడుం దగ్గర చీర పిన్నుకు చిక్కుకుంటుంది.