టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌లో ఆరేళ్లు: ఆశువుగా రెండు నిమిషాలు, సిద్ధమై ఏడు నిమిషాలు

నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. 2018 చివర్లో ఒక ఆడిట్ జరిగింది. ఇన్‌స్పెక్టర్ నన్ను చాలా మామూలు ప్రశ్న అడిగారు: ఈ బ్యాచ్ రికార్డులో (ఒక విడత మందు తయారీ వివరాలు రాసే పత్రంలో) ఈ దిద్దుబాటు ఎందుకు చేశారు? జవాబు నాకు తెలుసు. దాని పక్కన సంతకం పెట్టింది నేనే. అయినా నోరు పెగల్లేదు. పక్కనున్న జూనియర్ అందుకుని చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెలియక ఆగిపోతే కూర్చుని చదువుకోవచ్చు. తెలిసీ ఆగిపోతే ఏం చేయాలి?

మన పెద్దలు దీనికి సభాకంపం అని పేరు పెట్టారు. నాకు సభ కూడా అక్కర్లేదు, బల్లకు అవతల ఒక్క మనిషి కూర్చుంటే చాలు.

స్నేహితురాలి మాట మీద 2019 జనవరిలో టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌లో చేరాను. మధ్యలో ఒకసారి క్లబ్ మారాను, లాక్‌డౌన్‌లో జూమ్‌లో కొనసాగాను, సభ్యత్వం మాత్రం ఎప్పుడూ వదల్లేదు. చేరాలా వద్దా అని నన్ను అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

తెలియనివాళ్లకు రెండు మాటలు. రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన అమెరికాలో కాలిఫోర్నియాలోని శాంటా అనా ఊళ్లో, వైఎంసీఏ భవనంలో 1924 అక్టోబరు 22న మొదటి క్లబ్ పెట్టారు. అక్కడికి వచ్చే కుర్రవాళ్లకు నలుగురిలో మాట్లాడటం నేర్పాలన్నది ఆయన కోరిక. ఆడవాళ్లకు సభ్యత్వం 1973లో గానీ ఇవ్వలేదు. ఇక్కడ పాఠం చెప్పే గురువు ఉండరు. సభ్యులే మాట్లాడతారు, సభ్యులే వింటారు, ఎలా ఉందో సభ్యులే చెబుతారు. మీటింగ్‌లో మూడు భాగాలు: ముందే సిద్ధం చేసుకున్న ప్రసంగాలు, అప్పటికప్పుడు మాట్లాడే టేబుల్ టాపిక్స్, చివర్లో సమీక్షలు.

నాకు ఎక్కువగా పనికొచ్చింది టేబుల్ టాపిక్స్. దాన్ని నడిపేవారు ముందు ప్రశ్న చదువుతారు, ఆ తర్వాతే ఒకరి పేరు పిలుస్తారు. పేరు ముందే పిలిస్తే మిగతావాళ్లు ఊపిరి పీల్చుకుని ఆలోచించడం మానేస్తారు కదా. అందుకని ప్రతి ప్రశ్నకూ గదిలో అందరూ లోపల్లోపల జవాబు వెతుక్కుంటారు. పిలిచినవాళ్లు లేచి ఒకటి నుంచి రెండు నిమిషాలు మాట్లాడాలి. నిమిషానికి ఆకుపచ్చ కార్డు, నిమిషంన్నరకు పసుపు, రెండు నిమిషాలకు ఎరుపు.

నాకు వచ్చిన మొదటి ప్రశ్న, మీ ఇంట్లో ఎవరూ పారేయనివ్వని పాత వస్తువు ఏది అని. నేను 25 సెకన్లు మాట్లాడి కూర్చున్నాను. ఇంటికెళ్లాక అమ్మ కుట్టుమిషన్ గురించి అరగంట చెప్పగలిగేంత గుర్తొచ్చింది. అంటే నా దగ్గర మాట లేక కాదు. లేచిన వెంటనే ఏదో ఒకటి మొదలుపెట్టేయాలన్న తొందర, ఆ తొందరలో చేతికందిన మొదటి వాక్యంతో బయల్దేరి దారి తప్పడం.

దీన్ని సరిచేసింది మా క్లబ్‌లోని రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన. ‘లేచాక మూడు సెకన్లు ఏమీ మాట్లాడకండమ్మా. చివరి వాక్యం ఏమిటో అనుకోండి. అది దొరికాకే మొదటి వాక్యం మొదలుపెట్టండి’ అన్నారు. మూడు సెకన్లు మౌనంగా నిలబడటం నాకు మూడు నెలలు పట్టింది. అందరూ మనవైపే చూస్తుంటే ఆ మూడు సెకన్లు యుగంలా ఉంటాయి. వినేవాళ్లకు మాత్రం అది మౌనంలా కూడా అనిపించదు, ఈవిడ ఆలోచించి చెబుతోంది అనిపిస్తుంది. ఇది నా మాట కాదు, నా తర్వాత సమీక్ష చేసినవాళ్లు పదేపదే చెప్పిన మాట.

చిన్నప్పుడు తణుకులో నాన్న నన్ను ఒక అష్టావధానానికి తీసుకెళ్లారు. పద్యాలు అర్థం కాలేదు గానీ ఒకటి బాగా గుర్తుంది. పృచ్ఛకుడు సమస్య ఇవ్వగానే అవధాని దాన్ని తాపీగా, పలికిన ప్రతి ముక్కా తూచినట్టు తిరిగి చదివేవారు. ఆ చదవడంలోనే లోపల పని నడుస్తోందని ఇప్పుడు తెలుస్తోంది. అవధానికి ఛందస్సు, ధారణ, ఏళ్ల తరబడి చదువు ఉంటాయి, రెండు నిమిషాల టేబుల్ టాపిక్‌ను దాని పక్కన పెట్టడం లేదు. కానీ ప్రశ్నను గౌరవంగా తిరిగి పలికి ఆ కాస్త వ్యవధి తీసుకోవడం నేను అక్కడినుంచే తెచ్చుకున్నాను. ఆశువు అనగానే మనం గలగలా మాట్లాడటం అనుకుంటాం. ఎనిమిదిమంది ఎనిమిది వైపులనుంచి అడుగుతున్నా తొణక్కపోవడం అందులో పెద్ద భాగం.

ఆపడం కూడా ఇక్కడే నేర్చుకున్నాను, కొంచెం చేదుగా. 2022లో టేబుల్ టాపిక్స్ పోటీలో క్లబ్ స్థాయి దాటి ఏరియా స్థాయికి, అంటే కొన్ని క్లబ్బుల విజేతల మధ్య పోటీకి వెళ్లాను. పోటీలో అందరికీ ఒకే ప్రశ్న, మన వంతు వచ్చేదాకా గది బయట కూర్చోబెడతారు. నేను బాగా మాట్లాడాను. జనం నవ్వాల్సిన చోట నవ్వారు, కళ్లు చెమర్చాల్సిన చోట చెమర్చాయి. ఎర్ర కార్డు కనబడింది, ఇంకొక్క వాక్యం అనుకున్నాను. 2 నిమిషాల 37 సెకన్లు అయింది. 2 నిమిషాల 30 సెకన్లు దాటితే లెక్కలోకి రారు. న్యాయంగానే పక్కన పెట్టారు. ఆ ఇంకొక్క వాక్యం ఏమిటో ఇప్పుడు గుర్తు కూడా లేదు, అంత అవసరం లేని వాక్యం అది.

ఆడిట్‌లో మా పెద్దలు చెప్పే సూత్రం కూడా ఇదే: అడిగినదానికి చెప్పు, ఆగు. భయపడేవాళ్లు రెండు రకాలు, నోరు మూసుకుపోయేవాళ్లు, నోరు ఆగనివాళ్లు. నేను మొదటి రకంగా చేరి, మధ్యలో రెండో రకంలోకి వెళ్లి, ఆ కార్డుల పుణ్యమా అని మధ్యకు వచ్చాను. పోయినేడాది ఆడిట్‌లో దాదాపు పాత ప్రశ్నే వచ్చింది. ప్రశ్న తిరిగి చదివాను, ఆగాను, రెండు వాక్యాలు చెప్పాను, రికార్డు చూపించాను. ఇన్‌స్పెక్టర్ తల ఊపి పేజీ తిప్పారు.

ఇక సిద్ధం చేసుకున్న ప్రసంగాలు. మొదటిదాన్ని ఐస్ బ్రేకర్ అంటారు, మన గురించి మనం 4 నుంచి 6 నిమిషాలు చెప్పుకోవాలి. ఆ తర్వాత చాలావాటికి 5 నుంచి 7 నిమిషాలు. బడిలో ఆగస్టు 15 వక్తృత్వ పోటీలకు చేసినట్టే నా ఐస్ బ్రేకర్ మొత్తం రాసుకుని బట్టీ పట్టాను. నాలుగో పేరా మొదటి మాట జారిపోయింది, దాంతో మిగతాదంతా పోయింది. 3 నిమిషాల 10 సెకన్లకే ధన్యవాదాలు చెప్పి వచ్చేశాను. సమీక్ష చేసిన బ్యాంకు ఉద్యోగిని అన్న మాట ఇప్పటికీ నా నోటుబుక్కు మొదటి పేజీలో ఉంది: ‘మీరు ఎనిమిది సంగతులు చెప్పారు. నాకు మీ నాన్నగారి సైకిల్ షాపులో గాలి కొట్టే పిల్లాడొక్కడే గుర్తున్నాడు. వచ్చేసారి ఆ పిల్లాడి గురించే చెప్పండి.’

అప్పటినుంచి నేను ప్రసంగం రాయడం తక్కువ, కొట్టేయడం ఎక్కువ. కాగితం మీద మొదటి వాక్యం, చివరి వాక్యం, మధ్యలో మూడు సంఘటనలకు మూడు మాటలు, అంతే. వంట చేసుకుంటూ అయిదారుసార్లు పైకి చెప్పుకుంటాను. ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, రానిస్తాను.

సమీక్షల గురించి కొంచెం మొహమాటం లేకుండా చెప్పాలి. ప్రతి ప్రసంగానికీ ఒకరు లేచి 2 నుంచి 3 నిమిషాలు నోటితో సమీక్ష చెబుతారు, ఫారం కూడా నింపి ఇస్తారు. ఫారంలో 1 నుంచి 5 వరకు అంకెలుంటాయి. మనవాళ్లకు ఎదుటివారి లోపం మొహం మీద చెప్పడం కష్టం. నా మొదటి క్లబ్‌లో రెండు పొగడ్తల మధ్య పలచగా ఒక సూచన పెట్టేవారు, అంకెలు అన్నీ నాలుగులూ అయిదులే. మంచి మనసుతోనే చేసేవారు, కానీ ఏడాదంతా నేను ఒకే తప్పు చేశాను, ఒక్కరూ చెప్పలేదు: ప్రతి వాక్యం చివర గొంతు తగ్గిపోయి వెనక వరుసకు వినబడేది కాదు. నా ఫోనులో రికార్డింగ్ విన్నప్పుడు నాకే తెలిసింది. అందుకే ఇప్పుడు మాట్లాడబోయే ముందే నా సమీక్షకులను అడుగుతాను: ఈసారి గొంతు ఒక్కటే చూడండి, లేదా ముగింపు ఒక్కటే చూడండి. అలా అడిగితే నిజం చెబుతారు.

మనం చేయాల్సిన ప్రసంగాలను ప్రాజెక్టులంటారు, వాటిని మెట్లలా లెవెల్స్‌గా పేర్చి ఇస్తారు. అన్నిటికన్నా మంచి ప్రాజెక్టు మొదటి లెవెల్‌లోనే ఉంది. ఒక ప్రసంగం చేసి, వచ్చిన సూచనలు తీసుకుని, వాటిని వాడుతూ మళ్లీ ప్రసంగించాలి. ఆ తర్వాత మనమే ఇంకొకరికి సమీక్ష చేయాలి. ఇంకొకరిని సమీక్షించడానికి ఏడు నిమిషాలు ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నప్పుడే, నేను ఎక్కడ వినడం మానేశానో తెలుస్తుంది. నా ప్రసంగంలో జనం ఎక్కడ వినడం మానేస్తారో దాన్నిబట్టే ఊహించగలిగాను. కొత్తవాళ్లు సమీక్ష చేయడానికి భయపడి తప్పించుకుంటారు. దయచేసి తప్పించుకోకండి.

ఆ-కౌంటర్ అనే పాత్ర ఒకటి ఉంటుంది. మాటల మధ్య ‘ఆ’, ‘అమ్’, ‘సో’, ‘యాక్చువల్లీ’ ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టడం ఆయన పని. మొదట్లో నా లెక్క రెండు నిమిషాలకు 17 ఉండేది. అందులో ఒక వింత ఉంది: ఇంగ్లీషు వాక్యాల మధ్య నేను తెలుగు ‘అంటే’ వేసేదాన్ని. అంటే నేను తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చుకుంటున్నానన్నమాట. తడబాటు అసలు ఎక్కడ పుడుతోందో అప్పుడు తెలిసింది.

అందుకే మేం అయిదారుగురం కలిసి నెలకోసారి తెలుగులో కూడా ఇదే పద్ధతిలో కూర్చుంటున్నాం. తెలుగు మన భాషే కదా, సులువుగా ఉంటుంది అనుకున్నాం. సిద్ధం చేసుకున్న ప్రసంగమైతే వేదికనలంకరించిన పెద్దలతో మొదలై, ఇంట్లో ఎవరూ మాట్లాడని తెలుగులోకి వెళ్లిపోతుంది. ఆశువుగా అయితే ప్రతి వాక్యానికీ ‘ఏంటంటే’తో మొదలు, ‘అన్నమాట’తో ముగింపు. ఒకసారి ఒకరికి 22 అన్నమాటలు లెక్క తేలాయి.

ఇంకో సంగతి గమనించాను. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది, ఆ తర్వాత ఒక్కొక్కటే తగిలించుకుంటూ పోవచ్చు. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. వాక్యం ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా పొడుగ్గా మొదలుపెడితే మధ్యలో తాడు తెగుతుంది. తెలుగులో ఆశువుగా మాట్లాడేవాళ్లు చిన్న వాక్యాలు అలవాటు చేసుకోవాలి. ఇది ఏ ఫారంలోనూ ఉండదు.

జూమ్ రోజుల గురించి ఎక్కువ లేదు. సమయం చూసే సభ్యులు (టైమర్) కార్డులకు బదులు తమ వెనక తెర రంగు మార్చేవారు. అందరూ ప్రసంగాన్ని స్క్రీన్ మీద పెట్టుకుని చదవడానికి అలవాటుపడ్డాం, ఆ అలవాటు పోగొట్టుకోవడానికి తర్వాత చాలాకాలం పట్టింది. వీలుంటే మనుషులు ఎదురుగా కూర్చునే క్లబ్‌లోనే చేరండి.

డబ్బు సంగతి. సభ్యత్వం అమెరికా కార్యాలయానికి ఆరు నెలలకోసారి కట్టాలి. నేను చేరినప్పుడు 45 డాలర్లు, 2023 అక్టోబరు నుంచి 60. కొత్తగా చేరేవాళ్లకు ఒక్కసారి 20 డాలర్లు అదనం. హాలు అద్దె, టీ ఖర్చుల కింద క్లబ్ విడిగా కొంత వసూలు చేయవచ్చు. నెలనెలా తప్పకుండా వెళ్లేవాళ్లకు ఇది బరువు అనిపించదు. రెండు నెలలకోసారి వెళ్లేవాళ్లకు మాత్రం దండగే.

డబ్బుకన్నా ముందు చూసుకోవాల్సింది మీ వంతు ఎన్నిసార్లు వస్తుందన్నది. నా మొదటి క్లబ్‌లో 40 మంది ఉండేవారు. నెలకు రెండు మీటింగులు, మీటింగుకు మూడు ప్రసంగాలు. ఏడాదికి 72, మనిషికి రెండు కూడా సరిగా రావు. నాకు మొదటి ఏడాది వచ్చినవి రెండే. అడిగితే వచ్చే నెల అనేవారు. ఇప్పుడున్న క్లబ్‌లో 18 మందిమి, వారం వారం కలుస్తాం. ఏడాదికి ఎనిమిది ప్రసంగాలు చేయగలుగుతున్నాను, పైగా ప్రతి వారం ఏదో ఒక పాత్ర. అతిథిగా వెళ్లి చూడనిస్తారు కాబట్టి రెండు మూడు క్లబ్బులు చూడండి. ఎంతమంది సభ్యులని అడగండి, పోయిన నెల ఎవరెవరు మాట్లాడారో అడగండి. సమీక్షల్లో ఒక్క పనికొచ్చే సూచనైనా వినబడిందా అని చూడండి.

ఇంగ్లీషు వ్యాకరణం నేర్చుకోవడానికైతే ఇది చోటు కాదు. వచ్చేవారం ఇంటర్వ్యూ ఉంది అనేవాళ్లకూ పనికిరాదు. నాకు తేడా కనబడటానికి ఎనిమిది నెలలు పట్టింది, అదీ తప్పకుండా వెళ్తే.

ప్రస్తుతం నాలుగో లెవెల్‌లో ఉన్నాను. అక్కడ ఎంచుకోవడానికి చాలా ప్రాజెక్టులున్నాయి. నేను ప్రశ్నలు–జవాబుల ప్రాజెక్టు తీసుకున్నాను: ముందు సిద్ధం చేసుకున్న ప్రసంగం, వెంటనే సభలోంచి ఏ ప్రశ్న వచ్చినా జవాబు. వచ్చే నెల మొదటి శనివారం నా వంతు. మందుల పెట్టె మీద గడువు తేదీ ఎలా నిర్ణయిస్తారన్నది విషయం. లెక్చరర్ మాస్టారు మొదటి ప్రశ్న తనదేనని ఇప్పటికే చెప్పారు. ఏం అడుగుతారో మాత్రం చెప్పలేదు.